రాముడు మోసిన మాటలు

మార్చి నెలాఖరులో లాక్‌డౌన్‌తో అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి తాళాలు పడ్డాయి. మూడోరోజు మధ్యాహ్నానికి కొబ్బరికాయల దళారీ వెంకటరాజుకి రెండు కొత్త సంగతులు తెలిశాయి. ఒకటి, ఒంటిగంట వేళకి ఎండ తన ఇంటి వంటగది గుమ్మం దాటి లోపలికి వస్తుందని. రెండోది, తనకీ తన భార్య చిన్నమ్మాయికీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం చేతకాదని.

పోట్లాటేం లేదు. పోట్లాడుకోవాలన్నా మాటలు కావాలి కదా. పాతికేళ్ళుగా అతను తెల్లవారుతూనే కొట్టుకి వెళ్తే చీకటిపడ్డాక ఇల్లు చేరేవాడు. తినేవాడు, పడుకునేవాడు. ఇంటికీ కొట్టుకీ మధ్య మాటలు నడిపింది గుమస్తా రాముడు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు, మనిషిని చూసి మాట తూచేవాడు. రోజూ పన్నెండున్నరకి ఇంటికి వెళ్ళి క్యారేజీ తెచ్చేవాడు. దాంతోపాటు కబురూ తెచ్చేవాడు. గ్యాసు అయిపోయింది, అమ్మాయికి జ్వరం తగ్గింది, పైకప్పు కురుస్తోంది. సాయంత్రం ఖాళీ క్యారేజీతో జవాబు పట్టుకెళ్ళేవాడు. ఏ రోజు సరుకు ఆ రోజే చేతులు మారినట్టు, మాటలు కూడా నిలవ ఉండేవి కావు.

ఆ రాముడు బావమరిది పెళ్ళికని పట్టిసీమ దగ్గర అత్తవారి ఊరికి వెళ్ళి, దారులన్నీ మూసేయడంతో అక్కడే చిక్కుకుపోయాడు. కూతురు హేమశ్రీ కాకినాడలో ఉద్యోగం చేసుకుంటూ అద్దె గదిలోనే ఆగిపోయింది. ఇంట్లో మిగిలింది ఇద్దరు.

చిన్నమ్మాయి కంచం పెట్టి గుమ్మం దగ్గర నిలబడింది. వెంకటరాజు తలెత్తి చూశాడు. ఆమె వీధి తలుపు వైపు చూసింది, ఎవరో రావాల్సినట్టు.

"ఏంటి?" అన్నాడు.

"ఏం లేదండి."

అతను పప్పుతో, పెరుగుతో తిని, బీరకాయ కూర ఒక పక్కకి నెట్టేసి లేచాడు. అరుగు మీదికి వెళ్ళి రాముడికి ఫోను చేశాడు.

"మీ అమ్మగారు ఏదో చెప్పాలనుకుంటోందిరా. ఏంటది?"

"ఆయ్, నన్నడుగుతారేంటండి! ఎదురుగా ఉన్నారు కదండి."

"అడిగితే ఏం లేదంటోంది."

"ఆవిడ ఏం లేదన్నారంటే రెండు సంగతులున్నట్టండి. ఇందాకే నాకు ఫోన్ చేశారు కూడా. మీరు కూర ముట్టుకోలేదట, ఒంట్లో బాగోలేదేమో కనుక్కోమన్నారు."

"ఒంటికేం? బీరకాయ నేను తినను. ఆ మాత్రం తెలీదా దానికి?"

అవతల రాముడు దగ్గాడు. "తెలీదండి. మీకు ప్రాణమని నేనే చెప్పాను. పదేళ్ళు దాటింది. ఆ రోజు కూర అలాగే తిరిగొస్తే ఆవిడ చిన్నబుచ్చుకున్నారండి. అయ్యగారికి చాలా ఇష్టం, పని తొందరలో వదిలేశారు అన్నాను. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు పంపుతున్నారు."

"వారానికి రెండుసార్లా? మరి నేను తిన్నదేంటిరా?"

"బీరకాయొచ్చిన రోజున సెంటర్లో హోటల్ నుంచి బంగాళాదుంప వేపుడు తెచ్చి క్యారేజీలో సర్దేవాణ్ణండి. మా ఆవిడ వేపుడు చేస్తే మా ఆవిడే చెయ్యాలి అని మీరు సేట్ల దగ్గర అనేవారు కదండి, ఆ వేపుడే."

"ఆ బీరకాయ ఎవరు తిన్నారు?"

"నేనేనండి. నాకిష్టమండి."

ఫోను పెట్టేసి అతను వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. కాయని చేత్తో తట్టి లోపల నీళ్ళెన్నో చెప్పగలడని మార్కెట్లో పేరున్న మనిషి. హోటల్ వేపుడుకీ ఇంటి వేపుడుకీ తేడా పదేళ్ళుగా తెలియలేదు. అదేం లెక్కో అంతుపట్టలేదు.

ఏప్రిల్ వచ్చింది. లారీలు లేవు. పెరటి షెడ్డులో ఆగిపోయిన కాయలు మొలకలెత్తడం మొదలుపెట్టాయి. ఒకరోజు ఏమీ తోచక ఒక మొలక కాయని కత్తితో రెండు చెక్కలు చేశాడు. లోపల నీళ్ళు ఇంకిపోయి, నిమ్మపండంత కొబ్బరి పువ్వు తెల్లగా, మెత్తగా కూర్చుని ఉంది. ఏమనుకున్నాడో, దాన్ని గిన్నెలో పెట్టి వంటగదిలోకి తీసుకెళ్ళాడు.

చిన్నమ్మాయి ముఖం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళూ రాముడి చేత పంపేవారు. ఇవాళ మీరే తెచ్చారే!"

వెంకటరాజు గిన్నె గట్టు మీద పెట్టాడు. ఎప్పుడూ పంపలేదు. పంపాలన్న ఊహే రాలేదు. అది చెప్పడానికి నోరు తెరిచేలోగా ఆమె సగం తుంపి అతని చేతిలో పెట్టింది.

"నాకు ఇంటి కాయల్లో దొరికిందాంట్లో సగం మీకు పంపేదాన్ని. అందేదా?"

"ఊఁ," అన్నాడు. అందలేదు. ఆ సగాలు ఎవరి కడుపులోకి వెళ్ళాయో ఇక రాముణ్ణి అడగక్కర్లేదు.

ఆ పూట చేసిన పని అబద్ధమా, నిజమా అని మర్నాడంతా ఆలోచించాడు. తను పంపనిది ఆమెకు చేరింది. ఆమె పంపింది తనకి చేరలేదు. మధ్యలో మాత్రం ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు. బేరం నడిచినట్టా, నడవనట్టా?

ఏప్రిల్ మూడో వారంలో అసలు సంగతి బయటపడింది. ఫ్యాను కింద పరుచుకోడానికి పాత దుప్పటి కోసం మంచం కిందికి వంగితే పెద్ద సూట్‌కేసు కనిపించింది. మూత కొంచెం తెరిచే ఉంటే, పూర్తిగా ఎత్తి లోపల తడిమి చూశాడు. లారీలో సరుకు చూసి ఎన్ని కాయలో చెప్పే కన్ను అతనిది. అందులో పన్నెండు చీరలు, చలికాలపు శాలువా, రెండో కళ్ళజోడు, బట్టలు కత్తిరించే కత్తెర, అడుగున చిన్నమ్మాయి వాళ్ళ అమ్మ ఫోటో. ఫోటో తిప్పి చూసి వెంకటరాజు మళ్ళీ అడుగునే పెట్టాడు. చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళు గోడ మీది ఫోటో పట్టుకెళ్ళరు.

పెరట్లోకి వెళ్ళి ఫోను చేశాడు.

"రాముడూ! ఫిబ్రవరిలో మీ అమ్మగారు కాకినాడ వెళ్తానందని చెప్పావు. ఏమని చెప్పావు?"

"నాలుగు రోజులు అమ్మాయిగారి దగ్గరికి వెళ్ళొస్తారని చెప్పానండి."

"అది నీ మాట. ఆవిడ మాటేంటి?"

అవతల ఎక్కడో పడవ ఇంజను చప్పుడు వినిపించింది.

"ఇక అక్కడే ఉండిపోతానన్నారండి. ఇక్కడ క్యారేజీ కట్టడానికి తనే అక్కర్లేదు, ఎవరైనా కడతారు, అమ్మాయి దగ్గరైతే మాట్లాడ్డానికి మనిషుంటుంది, ఆయనకి అభ్యంతరమేమో కనుక్కో అన్నారు. ఆ మాట అలాగే మోసుకురావడానికి నాకు నోరు రాలేదండి."

"నేనేమన్నాను?"

"మీరు సేటుతో ఫోన్లో ఉన్నారు. వెళ్ళనీరా, ఎవరాపారు అన్నారు."

"అదే చెప్పావా?"

"ఎలా చెబుతానండి! అయ్యగారు చాలా బాధపడ్డారు, అన్నం సరిగా తినలేదు, అయినా నీ ఇష్టం అన్నారు అని చెప్పాను. దాంతో ఆవిడ ఆగారు. ఈలోగా ఈ జబ్బొచ్చింది."

"ఎవడిచ్చాడ్రా నీకు హక్కు?" వెంకటరాజు గొంతు లేచింది. "పాతికేళ్ళు మా ఇద్దరి మధ్యా కూర్చుని..."

"మీరు నేర్పిందేనండి," అన్నాడు రాముడు, గొంతు పెంచకుండా. "రైతు చెప్పిన మాట సేటుకి అలాగే చెప్పకూడదు, సేటన్న మాట రైతుకి అలాగే చెప్పకూడదు, తువ్వాలు కింద ఇద్దరి చేతులూ పట్టుకున్నవాడే బేరం నిలబెడతాడు అని మీరే అన్నారు. నేను చేరిన మొదటి రోజున."

వెంకటరాజు ఫోను పెట్టేశాడు. తండ్రి తనకి నేర్పిన వృత్తి అది. తువ్వాలు కింద వేళ్ళు నొక్కి ధర చెప్పడం, రైతుకి ఒక వేలు తక్కువ, సరుకు కొనే సేటుకి ఒక వేలు ఎక్కువ. ఇద్దరూ తువ్వాలు తీసేసి ఒకరి మొహం ఒకరు చూసుకుంటే మార్కెట్టు ఒక్క రోజు కూడా నడవదు. ఇంట్లో ఇప్పుడు తువ్వాలు తీసేశారు. అంతే.

మే నెల మొదటి రెండు వారాలూ అతను మూడు రకాలుగా తూచి చూసుకున్నాడు. మాట్లాడకుండా ఊరుకుంటే ఆమె ఉంటుంది. కానీ ఉండేది తన కోసం కాదు, రాముడు కల్పించిన ఎవరో బాధపడే మనిషి కోసం. నిజం చెబితే వెళ్ళిపోతుంది. మూడోది, ఆ బాధేదో నిజంగానే తనకి కలిగి ఉంటే సరిపోయేది. కలిగిందా? వెతుక్కున్నాడు. ఫిబ్రవరిలో లేదు, అది ఖాయం. ఇప్పుడు గుండెల్లో ఉన్నది బాధో, అలవాటు తప్పిన చిరాకో, భయమో తెలియలేదు. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉన్న కాయలు. తట్టి చూస్తే ఏదీ పలకదు.

ఈలోగా చిత్రమైన సంగతి, ఇద్దరూ కొంచెం కొంచెం మాట్లాడుకుంటున్నారు. బీరకాయ సంగతి అతనే బయటపెట్టాడు. చిన్నమ్మాయి నడుం పట్టుకుని నవ్వింది. "నాకూ పడదు బీరకాయ! మీకిష్టమని వండి చచ్చేదాన్ని." తర్వాత నవ్వు ఆపి, "మరి ఇంకేమేం మార్చాడు వాడు?" అంది. వెంకటరాజు కొబ్బరి చెట్టు వైపు చూశాడు.

మే నెల మూడో వారంలో బస్సులు మళ్ళీ తిరుగుతాయని టీవీలో చెప్పారు. మర్నాడు పొద్దున్న టిఫిను పెట్టి చిన్నమ్మాయి గుమ్మం దగ్గర నిలబడలేదు. ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది.

"ఒక్క మాట అడుగుతాను. రాముడూ లేడు, ఎవరూ లేరు. నేను కాకినాడ వెళ్ళిపోతానంటే నిజంగా అన్నం మానేశారా?"

ఇడ్లీ ముక్క అతని చేతిలో ఆగిపోయింది. అవుననడానికి ఒక్క క్షణం చాలు. ఎదుటివాడి కళ్ళలోకి చూసి లేని ధర చెప్పడం అతనికి కొత్త కాదు. కానీ ఈ కళ్ళలోకి చూసి బేరమాడిన అనుభవం లేదు.

"లేదు," అన్నాడు. "వెళ్ళనీ అన్నాను. నాలుగు రోజులే అనుకున్నాను."

చిన్నమ్మాయి తల వంచుకుంది. "నాలుగు రోజులని ఎవరన్నారు?"

"రాముడు."

"కొబ్బరి పువ్వు?"

"అదీ రాముడే. మొన్న గిన్నెలో తెచ్చినదొక్కటే నాది."

"ఇప్పుడు వెళ్తానంటే?"

"తెలీట్లేదే. నిజంగా తెలీట్లేదు. బాధేనేమో. ఇదివరకు చూసిన సరుకు కాదు."

ఆమె చాలాసేపు అతని ముఖంలోకి చూసింది. కోపమో జాలో అతనికి పోల్చుకోవడం రాలేదు. చివరికి లేచి పీట గోడకి ఆనించింది.

"వాడు మోసుకొచ్చినవాటిలో ఒక్క మాటైనా నిజం చేద్దాం. నాలుగు రోజులకే వెళ్తాను. ఆ తర్వాత సంగతి మీరు అడగండి, నేను చెబుతాను. మధ్యలో ఎవరూ వద్దు."

సూట్‌కేసులోంచి తొమ్మిది చీరలు తీసి బీరువాలో పెట్టింది. ఫోటో మాత్రం తీయలేదు. అతను అడగలేదు. అమలాపురం దాకా స్కూటరు మీద దింపి, మాస్కు సరిచేసుకుంటూ కాకినాడ బస్సు కిటికీ పక్కన నిలబడ్డాడు. బస్సు కదిలాక గుర్తొచ్చింది, జాగ్రత్త అన్న మాట అనలేదని.

రెండోరోజు రాముడు దిగాడు. మూడోరోజు మార్కెట్టు సగం తెరిచారు. నాలుగోరోజు పన్నెండున్నరకి కొట్లో రాముడు అలవాటుగా లేచి, ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

"అమ్మగారికి ఏమైనా చెప్పమంటారా అండి?" అన్నాడు మెల్లిగా.

"నేను చెప్పుకుంటాను."

వెంకటరాజు ఫోను తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. మూడో రింగుకి చిన్నమ్మాయి ఎత్తింది.

"ఎవరు చెయ్యమన్నారు?" అంది.

"ఎవరూ చెప్పలేదు. నేనే."

"ఏంటి?"

పొద్దుటి నుంచి కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "రేపొస్తావా?" అన్నాడు.

అవతల మూకుట్లో గరిటె చప్పుడు. హేమశ్రీ ఏదో అడిగింది. "కూర పొయ్యి మీదుంది. మళ్ళీ చేస్తానుండండి," అంది చిన్నమ్మాయి. ఫోను ఆగిపోయింది.

వెంకటరాజు ఫోను వైపు చూశాడు. వస్తాననా, రాననా? గొంతు మెత్తగానే ఉంది. కానీ కూర మాడకూడదని తొందరపడే గొంతు కూడా అలాగే ఉంటుంది కదా. తువ్వాలు కింద అయితే వేలి బిగువుని బట్టి తెలిసిపోయేది.

రాముడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అంటే అమ్మగారి ఉద్దేశం ఏంటంటేనండి..."

"నోర్ముయ్యరా," అన్నాడు వెంకటరాజు. ఫోను మోకాలి మీద పెట్టుకుని, అది ఎప్పుడు మోగుతుందా అని చూస్తూ కూర్చున్నాడు.