మా అన్నయ్య అర్జీకి వచ్చిన సవరణలు

మా అన్నయ్య హిలేర్ వాసెల్ ఊళ్లో పేరున్న లాయరు. ఆయనకి నిరంకుశత్వం పడదు. ఉడికించిన కోడి కూడా పడదు. అందుకని మా ఇంట్లో పదకొండేళ్లుగా ఎవరూ ఉడికించిన కోడి తినలేదు.

ఆ ఏడు మా విద్వత్సభ వాళ్లు మంచి ప్రభుత్వం ఎలా ఉండాలో చెప్పమని వ్యాసాల పోటీ పెట్టారు. అన్నయ్య నలభై పేజీలు రాశాడు. అందులో ముప్ఫై పేజీలు రాజముద్ర ఉత్తరాల మీదే. రాజుగారి సంతకంతో ఒక కాగితం వస్తుంది. అందులో మీ పేరుంటే ఇక కోర్టు ఉండదు, నేరమేమిటో చెప్పేవాడుండడు, గడువుండదు. వచ్చి బండెక్కమంటారు, ఎక్కడమే. దీన్ని మా అన్నయ్య చీల్చి చెండాడాడు. 'స్వేచ్ఛ లేని మనిషి కొట్టంలో కట్టేసిన పశువు' అని మొదలుపెట్టాడు.

ఆ నలభై పేజీలకీ సాఫు ప్రతి రాసింది నేనే. అన్నయ్య రాత మర్నాటికి అన్నయ్యకే అర్థం కాదు. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. భర్త పోయి పుట్టింటికి వచ్చినప్పటి నుంచి ఆ ఇంటి తాళాలూ, ఆయన కాగితాలూ నా చేతిలోనే ఉన్నాయి.

పదిహేడో పేజీ రాస్తుండగా, విగ్గులు చేసే గాస్పార్‌ని పెళ్లి చేసుకుంటానని చెప్పాను.

"విగ్గులవాడినా?" అన్నాడు అన్నయ్య.

"నీ నెత్తిమీదున్నది ఆయన చేసిందేగా."

"నెత్తిన పెట్టుకోవడం వేరు ఒదిల్, ఇంట్లో పెట్టుకోవడం వేరు."

"మనుషులంతా పుట్టుకతో సమానమని ఇప్పుడే రాశాను. ఇదిగో, సిరా కూడా ఆరలేదు."

"అది మనుషుల గురించి. మనం మాట్లాడుతున్నది గాస్పార్ గురించి."

నాకు నలభై ఒకటి. తల్లీ తండ్రీ లేరు. చట్టప్రకారం నన్ను ఆపే హక్కు అన్నయ్యకి లేదు. లాయరు కాబట్టి ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. చట్టంతో కానప్పుడు దేనితో అవుతుందో కూడా ఆయనకే తెలుసు.

గురువారం నాడు ఇంకో కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇదీ రాసిపెట్టు. వెర్సాయ్‌లో రాజుగారి మంత్రికి వెళ్లాలి. పక్కూరి క్లయింటుది."

రాజముద్ర ఉత్తరం దయచేయించమని అర్జీ అది. ఒక విధవ, వయసు నలభై ఒకటి, పేరు దగ్గర ఖాళీ. చేతి తొడుగులు కుట్టే ఒకానొకడి మాయలో పడి గౌరవమైన కుటుంబాన్ని నవ్వులపాలు చేస్తోంది. భోజనాల దగ్గర అన్నగారు మాట్లాడుతుంటే నవ్వుతుంది. కనుక ఆమె క్షేమం కోరి ఏదైనా మఠంలో పెట్టి తాళం వేయించగలరు. ఎన్నాళ్లో తమ చిత్తం.

విగ్గులవాణ్ణి తొడుగులవాడిగా మార్చడంతో అన్నయ్య తెలివి అయిపోయినట్టుంది. నేను రెండుసార్లు చదివాను.

"పాపం, ఎవరో ఈవిడ," అన్నాను.

"మనకెందుకు," అన్నాడు అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఇలాంటి అర్జీ మీద ఊళ్లో పెద్దమనుషుల సంతకాలుండాలి. అన్నిటికంటే కింద పాదిరీగారి సంతకం ఉండాలి. అది లేకపోతే మంత్రిగారు ముట్టుకోరు. ఆ సాయంత్రమే నేనూ గాస్పారూ పాదిరీగారి దగ్గరికి వెళ్లాం. అర్జీ మాట మాత్రం ఎత్తలేదు. పెళ్లి ప్రకటన వరసగా మూడు ఆదివారాలు గుడిలో చదవాలనీ, ఆ తర్వాత మంగళవారం ముహూర్తం పెట్టుకోవచ్చనీ ఆయన చెప్పారు. అంటే నాకు మూడు ఆదివారాలు కావాలి. అర్జీ రేపే సంతకాలకి వెళ్లేలా ఉంది.

ఇంటికొచ్చి అన్నయ్యతో అన్నాను, "క్లయింటు అర్జీ పరవాలేదు. నీ వ్యాసం చదివిన కళ్లతో చూస్తే మాత్రం కాస్త చప్పగా ఉంది."

అన్నయ్య కలం కింద పెట్టాడు. "ఎక్కడ?"

"మొదలే. గుమాస్తా రాసినట్టుంది."

ఆయన రెండ్రోజులు సరిగా తినలేదు. శనివారానికి కొత్త మొదలు రాశాడు. 'స్వేచ్ఛ లేని మనిషి కొట్టంలో కట్టేసిన పశువు. కనుక మహాప్రభూ, ఈమెను మఠంలో పెట్టించవలసిందిగా ప్రార్థన.' మధ్యలో ఏదో ఒక వాక్యం తక్కువైందని తనకే అనిపించి, సంతకాలెలాగూ కావాలి కదా అని తన పఠన సంఘం ముందు పెట్టాడు.

సంఘంలో ఏడుగురు. అందరూ మతమౌఢ్యానికి వ్యతిరేకులు. అందుకే పట్టుబట్టి ఆదివారం పూజ వేళకే, గుడికి ఒక వీధి అవతల, కాఫీ అంగడి మేడమీద కూర్చుంటారు. గంట మోగగానే లేచి కిటికీ మూస్తారు. సమావేశంలో ఎవరేమన్నారో రాసుకున్న కాగితాలు కూడా సాఫు చెయ్యడానికి నా దగ్గరికే వస్తాయి. వాటిల్లో నా పేరుండేది కాదు, 'సదరు వ్యక్తి' అని ఉండేది.

మొదటి ఆదివారం 'తమ పాదాల చెంత సాష్టాంగపడి' అన్న మాట దగ్గర మందుల దుకాణం తిబో అడ్డుపడ్డాడు. స్వతంత్రుడైన మనిషి ఎవరి కాళ్ల మీదా పడడన్నాడు. చర్చ రెండు గంటలు సాగింది. నలుగురు అవునని, ముగ్గురు కాదని, మొత్తానికి 'వినయంగా వంగి' అని దిద్దారు. ఆ రెండు గంటల్లోనే అవతల వీధిలో పాదిరీగారు నా పేరూ గాస్పార్ పేరూ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చన్నారు.

రెండో ఆదివారం 'తమ ప్రజలం' అనాలా, 'ఈ దేశపు పౌరులం' అనాలా అన్నది తేలలేదు. ద్రాక్షసారా వర్తకుడు మార్సోకి మాత్రం అసలు సందేహమే వేరు.

"లాయరుగారూ, మనమే కదండీ ఈ ఉత్తరాలు అన్యాయం అంటున్నాం?"

"రాజు తన ఇష్టానికి వాడితే అన్యాయం మార్సోగారూ. మనం అడిగితే వాడడం ప్రజాభిప్రాయాన్ని మన్నించడం."

తిబో తల ఊపాడు. వాళ్లబ్బాయి నాటకాల్లో వేషం వేస్తానంటున్నాడు. రేపు తన అర్జీ మీద కూడా ఆరు సంతకాలు కావాలి కదా. మార్సో కాసేపు ఆలోచించి తన తమ్ముణ్ణి గుర్తు చేసుకున్నాడు. అందరూ సంతకాలు పెడతామన్నారు, ఎవరి సవరణ వాళ్లది పడ్డాక.

వీళ్ల భార్యలందరూ గుడికి వెళ్లేవాళ్లే. ప్రకటన విన్నవాళ్లే. కాని జ్ఞానం ఉన్న ఇళ్లలో గుడి కబుర్లు భోజనాల బల్ల దగ్గరికి రాకూడదని భర్తల ఆజ్ఞ. వాళ్లు ఆజ్ఞ మీరలేదు. తిబో భార్య సంతలో కనబడి నా చెయ్యి నొక్కి వెళ్లిపోయింది.

మూడో ఆదివారానికి అర్జీ పూర్తయింది. ఏడు సంతకాలు పడ్డాయి. నేను వేలు నొప్పిగా ఉందని చెప్పి, పేరు దగ్గర ఖాళీ ఉంచి, సోమవారం సాయంత్రానికి ప్రతి ఇచ్చాను. ఆ ప్రతి మీద సంతకాలు మళ్లీ పెట్టించుకొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. మంగళవారం పొద్దున్నే ఆయన పాదిరీగారి సంతకం కోసం బయల్దేరాడు. నేను అప్పటికే పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయాను.

మేం పీఠం ముందు నిలబడి ఉండగా అన్నయ్య గుడి గుమ్మంలో కనిపించాడు. చేతిలో కాగితం చుట్ట ఉంది.

"రండి లాయరుగారూ, ఎన్నాళ్లకి," అన్నారు పాదిరీగారు.

"చిన్న సంతకం కోసం వచ్చాను ఫాదర్ గారూ." అప్పుడు నన్ను చూశాడు. "ఒదిల్, నువ్విక్కడేం చేస్తున్నావు?"

"పెళ్లి చేసుకుంటున్నాను అన్నయ్యా."

"ఆపండి," అన్నాడు పాదిరీగారితో.

"కారణం?"

అన్నయ్య నోరు తెరిచాడు. లాయరు కాబట్టి మళ్లీ మూశాడు.

"మూడు ఆదివారాలు చదివాను," అన్నారు పాదిరీగారు. "మీరు కనబడలేదు."

"నేను పూజకి రానని మీకు తెలుసుగా."

"తెలుసు. మీ కిటికీ మూసుకున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తుంది. సరే, మంచి సమయానికే వచ్చారు. పెళ్లికి నలుగురు సాక్షులుండాలి, కొవ్వొత్తుల దుకాణం పెద్దాయన కాళ్ల నొప్పులని రాలేదు. మీరు సంతకం పెడతారా? తర్వాత మీ కాగితం చూద్దాం."

పెట్టనంటే ఎందుకో చెప్పాలి. ఆ కారణం చేతిలోని కాగితంలోనే ఉంది, అక్కడ ఇరవైమంది ఉన్నారు. అన్నయ్య పుస్తకం దగ్గరికి వచ్చి, నా పేరులో పాదిరీగారు చేసిన అక్షరదోషం దిద్ది, సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక పాదిరీగారికి చూపించాల్సిన కాగితం గాస్పార్ చేతిలో పెట్టాడు.

"ఇది నువ్వుంచుకో. ఇక దీని మీద హక్కు నీది, భర్తవి కదా. అన్న అనే చోట భర్త అని మారిస్తే చాలు. పేరు ఎలాగూ ఖాళీగానే ఉంది."

"నాకెందుకండీ?"

"మా చెల్లెలి సంగతి నీకింకా తెలీదు."

గాస్పార్ నిలబడి మొత్తం చదివాడు. తొడుగులవాడి దగ్గర ఆగి, ఓసారి తన చేతులు చూసుకుని, మళ్లీ చదివాడు.

"చాలా బాగా రాశారండీ," అన్నాడు.

"మూడు వారాలు పట్టింది," అన్నాడు అన్నయ్య. పొద్దుట్నించీ ఆయన మొహం విచ్చుకోవడం అదే మొదలు.

గాస్పార్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. నేను చెయ్యి చాచాను.

"ఏంటి?"

"ఆ కాగితం."

"నా దగ్గరుంటే ఏమైందే? నేనేమన్నా వాడతానా?"

"వాడనిదానికి జేబెందుకు?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. అన్నయ్య వైపు చూశాడు గాస్పార్, అన్నయ్య ఆయన వైపు చూశాడు. నెల రోజులుగా ఒకరి మొహం ఒకరు చూడని వాళ్లిద్దరూ ఆ క్షణంలో పాత స్నేహితుల్లా కనిపించారు. మా వెనక తిబో భార్య చేతిసంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నా చెయ్యి అలాగే ఉంది.

గాస్పార్ మంచివాడు. తీసి ఇచ్చాడు. నేను అక్కడే చింపేశాను. మొదటి వాక్యమన్నా ఉంచమని అన్నయ్య అడిగాడు కాని అప్పటికే అది రెండు ముక్కలైంది.

గాస్పార్ ఇచ్చిన సంగతి ఎవరడిగినా చెబుతాను. ఇచ్చేముందు ఎంతసేపు ఆలోచించాడో మాత్రం ఎవరూ అడగలేదు.