రెండు లారీలకు ఒకే నంబరు

టీవీలో అడుగున పాకే అక్షరాల్లో అల్పపీడనం మాట కనబడిన కాసేపటికే సుగుణాకరరావు గారి కోల్డ్ స్టోరేజీ వెబ్‌సైటు కూలబడింది.

రెండు వేల ఆరు, ఏప్రిల్ నెల. నల్లపాడు దాటాక రోడ్డు వారనే ఉంటుంది ఆ కోల్డ్ స్టోరేజీ. మిర్చి టిక్కీలతో, అంటే గోనె బస్తాలతో, లారీలు రావడం, లోపలికి వెళ్ళే వంతు రాక రోజుల తరబడి ఎండలో నిలబడిపోవడం ఏటా ఉండే తంతే. ఆ యేడు రావుగారు కొత్త పద్ధతి పెట్టారు. రైతు దగ్గర్లోని నెట్ సెంటరుకి వెళ్ళి తన దగ్గర ఎన్ని టిక్కీలున్నాయో కొట్టిస్తే ఆ రోజు వరసలో ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు వంతుకి లారీ తెచ్చుకుంటే చాలు.

ఆ సైటు తయారుచేసింది నాజియా, జోసఫ్. ఇద్దరూ గుంటూరులో ఎంసీఏ కలిసి చదివి, బ్రాడీపేటలో ఓ గది అద్దెకు తీసుకుని సొంతంగా పని మొదలుపెట్టినవాళ్ళు. రావుగారిదే వాళ్ళకు దొరికిన మొదటి పెద్ద పని. సర్వర్‌ని కోల్డ్ స్టోరేజీ ఆఫీసు వెనక గదిలోనే పెట్టారు. సీజను మొదలైన దగ్గర్నుంచీ అది ఏ పేచీ పెట్టకుండా నడిచింది.

ఆ మధ్యాహ్నం రావుగారు పిలిపిస్తే ఇద్దరూ ఒకే బండి మీద వచ్చిపడ్డారు. నాజియా దిగుతూనే పడమటి దిక్కు చూసింది. నరసరావుపేట వైపు ఆకాశం వంకాయ రంగుకి తిరిగి ఉంది. గేటు ముందు లారీలు బారులు తీరాయి. కొన్నిటికి పట్టా కప్పి ఉంది, కొన్నిటికి అదీ లేదు.

"ఏమ్మా నాజియా, పొద్దుటిదాకా బాగానే ఉంది కదా!" రావుగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. "ఫోన్ల మీద ఫోన్లు. ఎక్కడా పేజీ రావట్లేదంట. వానొస్తుందని అందరూ ఒక్కసారే మీద పడ్డారు."

జోసఫ్ వెళ్ళి సర్వర్‌ని ఆపి మళ్ళీ లేపాడు. పేజీ వచ్చింది. నంబర్లు గబగబా కదిలాయి. రావుగారు హమ్మయ్య అనుకునేలోపే మళ్ళీ బిగుసుకుపోయింది. ఇంకోసారి లేపాడు. అదే వరస.

"మెమరీ చాలట్లేదు," అన్నాడు జోసఫ్. సర్వర్‌కి కేటాయించిన మెమరీ పెంచి లేపాడు. ఈసారి ఇంకాస్త తొందరగా పడిపోయింది.

నాజియా పక్క కంప్యూటర్లో సర్వర్ లెక్కలు చూస్తోంది. మెమరీ సగానికి సగం ఖాళీ. ప్రాసెసరు మధ్యాహ్నం నిద్రలో ఉన్నట్టుంది. "పనే చేయట్లేదు జోసఫ్ ఇది. పనెక్కువై పడిపోతే అర్థం ఉంది. ఇది ఊరికే నిలబడి చచ్చిపోతోంది."

లాగ్ ఫైలు తెరిచింది. ఒకే వాక్యం పేజీల కొద్దీ ఉంది, డేటాబేసుకి కనెక్షన్ దొరకలేదని. ఒక్కసారికి ఇన్ని కనెక్షన్లు చాలని మొదట్లో వాళ్ళే పరిమితి పెట్టారు. అవన్నీ ఎవరో పట్టుకుని కూర్చున్నారు, వెనక వచ్చినవాళ్ళంతా ఎదురుచూస్తున్నారు. జోసఫ్ ఆ పరిమితిని నాలుగింతలు చేశాడు. ఈసారి సర్వర్‌తో పాటు డేటాబేసు కూడా కూలింది.

"ఏంటమ్మా ఇది, నాకు అర్థమయ్యేట్టు చెప్పండి," అన్నారు రావుగారు. గొంతులో మెత్తదనం పోయింది.

"కాటా మీదెక్కిన లారీ దిగితేనే కదండీ వెనకది ఎక్కేది? ఎక్కినవి దిగడం లేదు. ఎందుకు దిగట్లేదో చూస్తున్నాం."

"చూస్తూ కూర్చుంటే వాన ఆగుతుందా? లేపితే కాసేపు పనిచేస్తోంది కదా. పడిపోయినప్పుడల్లా లేపండి. ఆ కాసేపట్లో ఎన్ని నంబర్లు పోతే అన్ని పోతాయి."

ఆ మాట కాదనడానికి నాజియా దగ్గర అప్పటికి కారణమేమీ లేదు. జోసఫ్ లేపుతూ పోయాడు. పడిపోతోంది, లేపుతున్నాడు. మూడోసారో నాలుగోసారో బయట గేటు దగ్గర కేకలు మొదలయ్యాయి.

నాజియా పరుగెత్తింది. గేటుకి అడ్డంగా రెండు లారీలు ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉన్నాయి. ఒకటి యలమందయ్యది. మార్టూరు అవతలి రైతు, అరవై దగ్గర పడ్డ మనిషి, భుజం మీద తువ్వాలు తీసి చేతికి చుట్టుకుని అరుస్తున్నాడు. రెండో లారీ ముందు ఎలీసమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఫిరంగిపురం దగ్గర కౌలుకి మిరప వేసిన మనిషి ఆమె.

"నాది నలభై ఒకటి! అడుగు, ఆ కంప్యూటర్నే అడుగు!"

"నాదీ నలభై ఒకటే! నేనేమన్నా దొంగ నంబరు చెప్తున్నానా?"

గేటు గుమాస్తా ఇద్దర్నీ లోపలికి వదలనని భీష్మించుకున్నాడు. ఒక నంబరుకి ఒకటే లారీ, ఏది అసలుదో తేలేదాకా ఎవరూ కదలొద్దన్నాడు. వెనక హారన్లు మోగుతున్నాయి.

"బాబాయ్, నంబరు మీకెవరు చెప్పారు?" అడిగింది నాజియా.

"మా అల్లుడు. పేటలో బాషా నెట్ సెంటర్లో కూర్చుని కొట్టించి ఫోన్ చేశాడు. అప్పటికి మేం దార్లో ఉన్నాం. నంబరు రాగానే పేజీ చచ్చిపోయిందంట."

"మరి మీకు, అమ్మా?"

"పేజీ పోయి మళ్ళీ వచ్చింది చూడు, అప్పుడొచ్చింది."

నాజియాకి విషయం తెలిసిపోయింది. వేగం కోసమని నంబర్ల లెక్కని సర్వర్ తన మెమరీలోనే ఉంచుకుని, నిమిషానికోసారి డేటాబేసులో రాసేట్టు పెట్టారు వాళ్ళు. రాసే లోపు పీక నొక్కితే ఆఖరున ఇచ్చిన నంబర్లన్నీ మర్చిపోయి, లేచాక వాటినే మళ్ళీ ఇంకొకళ్ళకి ఇస్తుంది. అంటే లేపినప్పుడల్లా ఇలాంటి జంటలు పుడుతున్నాయి. ఇప్పటికి ఎన్ని పుట్టాయో!

చిలకలూరిపేటలో ఆ నెట్ సెంటరు నడిపే బాషా ఆమె పెద్దమ్మ కొడుకే. అక్కడే నిలబడి ఫోన్ కలిపింది.

"అన్నా, మా పేజీ నీ దగ్గర ఎన్ని కంప్యూటర్లలో తెరిచి ఉంది?"

"అన్నిట్లోనూ. ఒక్కోదాంట్లో నాలుగైదు విండోలు. ఏదో ఒక దాంట్లో తగలకపోతుందా అని నేనే తెరిపించా. రాకపోతే రిఫ్రెష్ కొట్టమన్నా. జనం బయట రోడ్డు దాకా ఉన్నారే నాజియా, నన్ను చంపేట్టున్నారు."

"నంబరు వచ్చినవాళ్ళు పేజీ మూసేశారా?"

"ఎందుకు మూస్తారు? వరస ఎంతదాకా వచ్చిందో దానంతటదే చూపిస్తోందిగా. చూస్తూ కూర్చున్నారు."

దానంతటదే చూపించడం రావుగారి ముచ్చట. పది సెకన్లకోసారి పేజీ తనే మారాలన్నారు, నాజియా పెట్టింది. మామూలు రోజుల్లో పదిమంది చూస్తే అందంగానే ఉండేది. ఈ రోజు జిల్లాలో ప్రతి నెట్ సెంటర్లో, ప్రతి కంప్యూటర్లో, మనిషి కదలకుండా కూర్చున్నా పేజీ సర్వర్ తలుపు బాదుతూనే ఉంది.

గదిలోకి వచ్చి ఆ పేజీ కోడు తెరిచింది. వరస చూపించే ముక్క జోసఫ్ రాసింది. అంతా సవ్యంగా జరిగితే కనెక్షన్‌ని తిరిగి ఇచ్చేస్తుంది. మధ్యలో ఆలస్యమై తప్పిపోతే మాత్రం ఇవ్వడం లేదు. తప్పిపోయిన ప్రతిసారీ ఒక కనెక్షన్ శాశ్వతంగా గల్లంతు. జోసఫ్ ఆమె భుజం మీంచి చూశాడు. చదివాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అది నువ్వు సరిచెయ్. వరస పేజీని నేను మామూలు ఫైలుగా మారుస్తా, డేటాబేసు జోలికే పోకుండా. పాత అడ్రసులోనే పెడతా, తెరిచి ఉన్న విండోలన్నీ దాన్నే అడుగుతాయి కదా," అంది నాజియా. చెయ్యి చాపి సర్వర్‌ని ఆపేసింది.

"ఆపావా?" రావుగారు ఉలిక్కిపడ్డారు. "ఎవరాపమన్నారు నిన్ను? ఎంతసేపు?"

"సరిచేసి, ఒకసారి చూసుకుని పెట్టాలండి. అరగంట పడుతుంది."

"అరగంటా! ఆ మబ్బు చూశావా? లేపు ముందు!"

"లేపితే ఇంకో నలభై ఒకటి పుడుతుందండి. గేటు దగ్గర కొట్టుకు చస్తారు." ఆమె చెయ్యి కీబోర్డు మీంచి తియ్యలేదు. "మీరు గేటు తీయించండి. నంబరుతో పని లేకుండా వచ్చినవాళ్ళని వచ్చినట్టు షెడ్డు కిందికి రానివ్వండి. కాటా తర్వాత వేసుకోవచ్చు."

"రేపు ఎవరి సరుకు ఎవరిదని తగువొస్తే?"

"తడిశాక వచ్చే తగువు కంటే అదే నయమండి."

రావుగారు విసురుగా బయటికి వెళ్ళారు. మరుక్షణం గేటు గుమాస్తా మీద ఆయన కేక వినబడింది. ఇనప గేటు కీచుమంటూ తెరుచుకుంది.

ఆ తర్వాతి అరగంట నాజియాకి సరిగా గుర్తులేదు. షెడ్డు రేకుల మీద గాలికి ఎగిరొచ్చిన ఇసక పడుతున్న చప్పుడు, హమాలీల అరుపులు, గదిలోకి కొట్టుకొచ్చే మిర్చి ఘాటు. కళ్ళు నీళ్ళు కారుతుంటే చున్నీతో తుడుచుకుంటూ కొట్టింది. వరస పేజీని ఫైలుగా మార్చాక, నంబరు ఇచ్చిన మరుక్షణమే డేటాబేసులో రాసేట్టు మార్చింది. రెండుసార్లు ఇచ్చిన నంబర్లని లాగ్ ఫైల్లో వెతికి విడదీసి, వెనకవాళ్ళకి కొత్తవి వేసింది. జోసఫ్ తనది ముగించి తల ఊపాడు. ఇద్దరూ రెండు కంప్యూటర్ల నుంచి పేజీని ఆగకుండా కొట్టి చూశారు. కనెక్షన్లు వెళ్తున్నాయి, తిరిగొస్తున్నాయి.

సర్వర్ లేపారు. ఒక్క ఊపున జిల్లా అంతా మీద పడింది. వాడకంలో ఉన్న కనెక్షన్లు పరిమితి దాకా పెరిగాయి. అంకె అక్కడే ఊగింది. తర్వాత నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది.

ఫోన్ మోగింది. "వచ్చిందే!" బాషా అరుస్తున్నాడు. "వరసగా వస్తున్నాయి నంబర్లు!"

అదే సమయానికి రేకుల మీద మొదటి చినుకులు రాళ్ళేసినట్టు పడ్డాయి.

వాన గట్టిగానే కురిసింది, ఎంతోసేపు ఉండలేదు. గేటు తెరిచేసరికి ఉన్న లారీల్లో చాలా వరకు షెడ్డు కిందికి చేరాయి. చిట్టచివర కొన్ని రోడ్డు మీదే చిక్కుబడ్డాయి. ఎలీసమ్మ లారీ ముందు వెళ్ళిపోయింది. యలమందయ్య లారీ వెనక్కి తిప్పుకుని వచ్చేసరికి పై వరస టిక్కీలు నానిపోయాయి.

నాజియా బయటికి వెళ్ళేటప్పటికి ఆయన ఒక టిక్కీ మూతి విప్పి కాయలు చేత్తో కెలుకుతున్నాడు. తడి మిర్చి వాసనకి చుట్టూ ఉన్నవాళ్ళందరూ దగ్గుతున్నారు.

"పైవన్నీ మళ్ళీ ఆరబోసుకోవాలి. ఆరినా రంగు రాదు, తాలు కాయల కింద తక్కువ రేటుకి కొంటారు," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

"మా వల్లే బాబాయ్. నంబరు మీకే ముందొచ్చింది."

ఆయన లేచి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "రేపు ఇంకో లారీ ఉంది నాకు. మళ్ళీ ఆగుద్దా నీ కంప్యూటరు?"

"ఇవాళ ఆగినట్టు ఆగదండీ. ఇంకోరకంగా ఆగితే చెప్పలేను," అంది నాజియా. "కానీ అది ఆగినా గేటు మూయకూడదని ఇప్పుడే అయ్యగారిని ఒప్పించి వచ్చాం."

యలమందయ్య ఆమెని ఎగాదిగా చూశాడు. "సరే, ఆ చివర పట్టుకో," అన్నాడు, తడిసిన పట్టా అంచు చూపిస్తూ. జోసఫ్ వెనకనుంచి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి నీళ్ళు వంపి, దాన్ని షెడ్డు గోడ మీద ఆరేశారు.