మన లాయరు గారు

మా అత్తగారి కోర్టు కేసులో నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. వీధిలో వాళ్లు నా వెనక ఏమేమి అనుకుంటున్నారో తెలుసు కాబట్టి ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. అనుకోనివ్వండి. లోకులు కాకులు.

నాకు పిల్లలు లేరు. మా మరిదికి ఒక్కతే కూతురు. మరిది పోయాక ఆ పిల్ల నా చేతుల్లోనే పెరిగింది. నేను జడ వేస్తే గానీ బడికి కదిలేది కాదు. అలాంటిది, మా తోటికోడలు ఒకరోజు గుమ్మంలో నిలబడి, ఇంకో ఊళ్లో ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చిందనీ, పిల్లను తీసుకుని వెళ్లిపోతాననీ చల్లగా చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. కన్నంత మాత్రాన సరిపోతుందా?

మనవరాలు నాయనమ్మ దగ్గరే ఉండాలని మా ఆయన అత్తగారి చేత కేసు వేయించారు. నోటీసు అందిన రోజు తోటికోడలు ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలక్కా? నేను కూడా ఒక లాయర్ని పెట్టుకోవాలా?"

"ఎందుకే, అత్తయ్య చాదస్తం నీకు తెలీదా? మన లాయరు గారు ఉన్నారుగా," అన్నాను.

మన. అంతే. 'మా' అని ఉంటే దానికి వెంటనే తెలిసిపోయేది. పరాయిదాన్ని చేశారని ఏడ్చి, ఊరంతా తిరిగైనా ఎవరో ఒకరిని పట్టుకునేది. 'మన' అనేసరికి ప్రాణం కుదుటపడింది. నర్సు కదా, ఇంటిల్లిపాదికీ మందిచ్చే డాక్టరు ఉన్నట్టే ఇంటిల్లిపాదికీ ఒక లాయరు ఉంటాడనుకుంది. లాయరు ఒక పక్కనే నిలబడతాడనీ, పెట్టుకున్నవాళ్ల మనిషేననీ దానికి తట్టనే లేదు. చదువుకున్న మొద్దు.

లాయరు గారి ఆఫీసుకు నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. ఇరుకు గది, కుర్చీల మీద కూడా ఫైళ్లే. ఒక దొంతర కిందకు దించి దాన్ని కూర్చోబెట్టాను. "వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా ఏదీ దాచకూడదంటారు. అంతా చెప్పెయ్," అన్నాను. ఆ మాట నేను కల్పించింది కాదు, పెద్దవాళ్లు అనేదే.

చెప్పింది. అడగనివి కూడా చెప్పింది. మరిది పోయిన కొత్తలో ఒక మధ్యాహ్నం బతుకు మీద విరక్తి పుట్టి, పిల్లను చంకనేసుకుని మేడ పిట్టగోడ ఎక్కిందట. పిల్ల ఆకలి అనేసరికి దిగి వచ్చేసిందట. "ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదండీ. అప్పట్నుంచీ దాని కోసమే బతుకుతున్నాను," అని కళ్లు తుడుచుకుంది. లాయరు గారు రాసుకుంటూనే ఉన్నారు. చివరికి కలం ఆపి, "అమ్మా, మీ తరఫున లాయరు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"మీరున్నారు కదండీ," అంది.

ఆయన నా వైపు చూశారు. నేను గోడమీది క్యాలెండరు చూశాను. ఆయన కలానికి మూత పెట్టి, "మంచిదమ్మా, వెళ్లిరండి," అన్నారు.

కోర్టు మెట్ల పక్కన ఒక గది మీద 'ఉచిత న్యాయ సహాయం' అని బోర్డు ఉంది. దాని ముందు నుంచే మేం పైకి వెళ్లాం. "పాపం, దిక్కులేని వాళ్లకి కాబోలు," అంది మా తోటికోడలు.

"మీ తరఫున ఎవరమ్మా?" అని జడ్జి గారు అడిగితే, ధీమాగా లాయరు గారిని చూపించింది. ఆయన లేచి, "నేను నాయనమ్మ గారి తరఫునండీ," అన్నారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఆయన పిట్టగోడ సంగతి చదివారు. ఇది నిజమేనా అని జడ్జి గారు అడిగితే, తల వంచుకుని "నిజమేనండీ" అంది. తర్వాత నా వైపు తిరిగి "అక్కా" అంది. అది మాత్రం నాకు గుచ్చుకుంది, కాదనను. కానీ పట్టిన పట్టు విడిచే రకం కాదు నేను.

జడ్జి గారు మంచివారే. వాయిదా వేసి, కింద గదిలో అడిగితే సొంత లాయర్ని ఇస్తారని ఆయనే చెప్పి పంపారు. అక్కడ దానికి ఒక చిన్న వయసు లాయరమ్మను ఇచ్చారు. చెక్క తడిక ఇవతల నేను నిలబడితే మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి.

"చూడండమ్మా, మీరు చెప్పినవి మీ లాయరు బయటపెట్టకూడదు. కానీ ఆయన మీ లాయరు కాదు. నేను మీ లాయర్ని. ఆ తర్వాత డాక్టరుకి చూపించుకున్నారా? పిల్లని ఎలా చూసుకున్నారు? ఎవరైనా చూసినవాళ్లున్నారా? నాకు చెప్తేనే నేను జడ్జి గారికి చెప్పగలను."

"మీరూ ఇలాగే రాసుకుంటారు," అంది తోటికోడలు. ఆ పైన ఎంత బతిమాలినా నోరు విప్పలేదు. అసలు చెప్పాల్సిన మనిషి దొరికేసరికి దాని నోటికి తాళం పడింది. వాయిదా నాటికి ఆ లాయరమ్మ చేతిలో ఏమీ లేదు, లేచి నిలబడింది, కూర్చుంది.

పిల్ల మాకు వచ్చింది. తల్లి వారానికోసారి కోర్టు గదిలో కాసేపు చూసుకోవచ్చు, మా ఇంటి మనిషి ఒకరు పక్కన ఉండాలి. నేనే వెళ్లాను.

మొదటిసారి పిల్ల పరుగెత్తుకెళ్లి ఒళ్లో ఎక్కేసింది. "అమ్మా, నన్నెప్పుడు తీసుకెళ్తావ్?" అంది. తోటికోడలు నోరు తెరిచి, నా మొహం చూసి, మూసుకుంది. ఏ మాట ఎక్కడ తేలుతుందోనని భయం. "తిన్నావా?" అంది. "బడికి వెళ్తున్నావా?" అంది. "నేనంటే నీకు ఇష్టమేనా?" అని పిల్ల అడిగితే దానికీ నా వైపే చూసింది, చెప్పొచ్చా అన్నట్టు. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చే దారిలో పిల్ల అడిగింది. "పెద్దమ్మా, అమ్మ నాతో ఎందుకు మాట్లాడదు?"

"చెప్పడానికేమీ లేదేమోనే," అన్నాను.

కొన్ని వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు జడ వేస్తుంటే, "నేను రాను పెద్దమ్మా. అమ్మకి నేనొద్దు," అంది. బలవంతం చేయడం నాకు ఇష్టం ఉండదు. నేనొక్కదాన్నే వెళ్లాను. తోటికోడలు నా వెనక తలుపు వైపు చాలాసేపు చూసింది.

"రానంది," అన్నాను.

"తనే అందా అక్కా?"

"తనే అంది."