రిజర్వు కడ్డీ

నోలాని మట్టిలో పెట్టిన రోజున వెండెల్ నీళ్ళలో ఉన్నాడు. ఇందులో వాదించడానికేమీ లేదు. ఊరందరికీ తెలుసు. వెండెల్‌కీ తెలుసు. కాదని వాడెప్పుడూ అనలేదు. అనుంటే తిట్టడానికైనా వీలుండేదని నోలా మొగుడు హోబర్ట్ బాధ.

ఆరేళ్ళయింది. ఈ జులైలోనూ క్వారీ గట్టున గుడారాలు లేచాయి. హోబర్ట్ పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, గాలి యంత్రానికి నూనె చూసి, బెల్టు మీద బొటనవేలు నొక్కి బిగువు చూసి, స్విచ్చి వేశాడు. యంత్రం దగ్గి, చీది, దారిలో పడింది. వరసలో మొదటి సిలిండర్‌ని నీళ్ళ తొట్టిలోకి దించి గొట్టం బిగించాడు.

పొడుగాటి మనిషి. వంగిపోవడంతో ఆ పొడుగు ఇప్పుడు ఎవరికీ పనికిరాకుండా పోయింది. ఎడమ చెవి వినపడదు, పాత పంపు చప్పుడు తినేసింది. వేళ్ళ పగుళ్ళలో సున్నపురాయి పొడి ఇంకిపోయి, ఎన్ని సబ్బులు అరగదీసినా పోలేదు. జేబు మీద పేరు కుట్టిన ఆకుపచ్చ చొక్కా కంపెనీ ఇచ్చింది. కంపెనీ పోయింది, చొక్కా ఉంది.

దక్షిణ ఇండియానాలో సగం భవనాలకి రాయి ఇలాంటి గుంటల్లోంచే వెళ్ళింది. ఈ గుంటలో ఊట చేరకుండా ఏళ్ళ తరబడి పంపు నడిపింది హోబర్ట్. కంపెనీ మూతపడ్డ రోజున పంపు ఆపిందీ అతనే. నెలలు తిరిగేసరికి మెట్లు మునిగాయి, ఆ తర్వాత తీసుకుపోవడం దండగని వదిలేసిన క్రేను మునిగింది. ఆ మునిగిన క్రేనుని చూడటానికి జనం డబ్బిచ్చి మరీ దిగుతామన్నారు. క్వారీ కొనుక్కున్నాయన హోబర్ట్‌ని పిలిచి షెడ్డు అప్పజెప్పాడు. అప్పుడు నీళ్ళు బయటికి తోసేవాడు, ఇప్పుడు నీళ్ళలోకి పోయేవాళ్ళకి గాలి తోస్తున్నాడు. జీతం అంతే, చప్పుడూ అంతే.

జులైలో వచ్చేవాళ్ళు వేరే రకం. మనవల్ని ఎత్తుకోవాల్సిన వయసులో, తాతల నాటి సామాను వీపున కట్టుకుని దిగుతారు. వీపు మీంచి రెండు నల్ల రబ్బరు గొట్టాలు చెరో భుజం మీదుగా నోటికొస్తాయి. రబ్బరు పగలకుండా ఏడాదంతా పౌడరు రాసి దాచుకుంటారు. పెళ్ళాల మొహానికైనా అంత పౌడరు కొనుండరని నోలా అనేది. గాలి ఎంత మిగిలిందో చూపించే సూది ఆ సామానుకి ఉండదు. పెట్టుకోవచ్చుగదా అంటే వాళ్ళకి రోషం.

"సూది చూసుకుంటూ దిగేవాడు నీళ్ళలోకెందుకు, బ్యాంకులో చేరొచ్చుగా," అంటాడు వాళ్ళలో ఒకడు, బడ్. ఏటా అదే మాట, ఏటా అదే నవ్వు.

సూదికి బదులు వాళ్ళకున్నది ఒక కడ్డీ. పాత మోటారు సైకిలుకి రిజర్వు ఉన్నట్టే, సిలిండర్ పక్కన సన్నటి ఇనప కడ్డీ వేలాడుతుంది. అది పైకుంటే, అడుగున కాస్త గాలి దాచి ఉన్నట్టు. ఊపిరి బిగుసుకుంటున్నప్పుడు కిందికి లాగితే దాచింది విడుదలవుతుంది, ఆ గాలితో పైకొచ్చేస్తారు. ముందే కిందికుంటే దాచిందేమీ ఉండదు. గాలి అయిపోతోందని చెప్పేవాళ్ళూ ఉండరు.

చిక్కేమిటంటే, గాలి నింపేటప్పుడు కడ్డీ కిందికే ఉండాలి. నింపడం కాగానే నింపినవాడే దాన్ని పైకెత్తి, మనిషి మొహంలోకి చూసి "పైనుంది" అనాలి. "పైనుంది" అని తీసుకునేవాడూ అనాలి. ఇది ఎక్కడా రాసి లేదు. ఈ జులై మనుషుల్లో ఇది తప్పినవాడిని భోజనం దగ్గర పక్కన కూర్చోనివ్వరు.

వెండెల్‌తో మాట మానేశాక హోబర్ట్ కడ్డీ ఎత్తి, వేలి ఉంగరంతో సిలిండర్ మీద ఒక్కసారి కొట్టేవాడు. టింగుమనేది. వెండెల్ "పైనుంది" అని తనకి తనే చెప్పుకుని మోసుకుపోయేవాడు. ఆరేళ్ళుగా ఇద్దరి మధ్యా ఉన్నది ఆ చప్పుడే.

ఎండ ముదిరేసరికి వెండెల్ వచ్చాడు. ఒకప్పుడు గుండ్రంగా, పీపాలా ఉండేవాడు. ఇప్పుడు పీపా ఎండి పలకలు వదులైనట్టున్నాడు. గడ్డి టోపీ చెవుల మీదికి జారింది. పసుపు రంగు సిలిండర్‌ని బల్ల మీద పెట్టి, పెట్టినందుకే ఆయాసపడ్డాడు. హోబర్ట్ పెళ్ళికి తోడు పెళ్ళికొడుకు వాడే. చర్చిలో ఉంగరం జేబులో వెతుక్కుని వెతుక్కుని నోలాని నవ్వించిందీ వాడే.

"అప్పుడే మాడ్చేస్తోంది," అన్నాడు వెండెల్.

హోబర్ట్ కడ్డీ కిందికి లాగి, సిలిండర్‌ని తొట్టిలోకి దించి, గొట్టం బిగించాడు.

"డార్లీన్ ఈసారి అంగడి కేకు తెచ్చింది. అట్ట తిన్నట్టుంది. నోలా పీచ్ పళ్ళ కేకు..." అని ఆపేశాడు.

గాలి యంత్రం ముల్లు పైకి పాకుతోంది. నోలా ఇరవై వేసవులు ఈ జనానికి వండింది. బంగాళాదుంప సలాడ్ బాల్చీలతో చేసింది. వానొస్తే వీళ్ళ తడి బట్టలు తన వంటింట్లో ఆరేసింది. ఆమెని పూడ్చేది సరిగ్గా ఈ జనం దిగే జులై శనివారమే వచ్చింది. కొందరు వచ్చి వెళ్ళారు. వెండెల్ రాలేదు.

యంత్రం ఆగింది. హోబర్ట్ సిలిండర్ పైకి తీసి, గుడ్డతో తుడిచి, కడ్డీ మీద చెయ్యి వేశాడు.

"హోబర్ట్, ఇవాళ చెప్పనివ్వరా. మళ్ళీ ఏడాదికి నేనుంటానో లేదో," అన్నాడు వెండెల్. "ఆ రోజు టై కట్టుకునే బయల్దేరాను. చర్చి దాకా వచ్చాను. కారు ఆపాను. దిగలేకపోయానురా. కాళ్ళు రాలేదు. గంట కూడా విన్నాను. అటు నించి అటే ఇక్కడికొచ్చి దిగాను. అడుగునైతే ఏడ్చినా ఎవడికీ కనపడదు కదా."

హోబర్ట్ చెయ్యి కడ్డీ మీద నించి లేచిపోయింది. పెనం తగిలినట్టు లేచింది. నీకు కాళ్ళు రాలేదు, నేను నోలా పెట్టె వెనక నడిచాను, అనాలనిపించింది. సిలిండర్‌ని బల్ల మీద వాడి వైపుకి తోశాడు.

"నిండింది. తీసుకుపో."

వెండెల్ మొహం వెలిగింది. "మాట్లాడావు," అన్నాడు. "అమ్మ నాయనో, మాట్లాడావురా! తిట్టు, ఇంకా తిట్టు." భుజం తడదామని చెయ్యి ఎత్తి, ధైర్యం చాలక బల్లని తట్టి, సిలిండర్ మోసుకుపోయాడు. ఉంగరం చప్పుడు కోసం ఆగలేదు. ఆ ఒక్క మాట దొరకడంతో మిగతాదంతా మర్చిపోయాడు.

హోబర్ట్ ఇంకో సిలిండర్ బిగించబోయాడు. రేవు చెక్కలు షెడ్డుకి నాలుగు బారల దూరం. బడ్ గొంతు బాగా వినపడే గొంతు.

"కడ్డీ చూడనా ముసలోడా?"

"హోబర్ట్ నింపాడు," అన్నాడు వెండెల్. "ఇంకేం చూస్తావు?"

"మాట్లాడాడంట కదా!"

"మాట్లాడాడు. నీకు కుళ్ళు."

నవ్వులు. ఒకటి తర్వాత ఒకటి రెండు చప్పుళ్ళు. నీళ్ళు మూసుకున్నాయి.

హోబర్ట్ తన చెయ్యి చూసుకున్నాడు. కడ్డీ ఎత్తలేదు.

షెడ్డు గుమ్మం పక్కనే ఇనప గొట్టం ఒకటి నీళ్ళలోకి దిగి ఉంటుంది. పక్కన సుత్తి. కొడితే అడుగునున్న వాళ్ళందరికీ వినిపిస్తుంది, అందరూ పైకొచ్చేస్తారు. వస్తే, ఎందుకు కొట్టావని అడుగుతారు. హోబర్ట్ సుత్తి దాకా వెళ్ళాడు. చేతిలోకీ తీసుకున్నాడు.

బడ్ చూసే ఉంటాడు. వెండెల్ తడుముకునే ఉంటాడు, చిన్నపిల్లాడా. తొందరగానే వచ్చేస్తారులే, ఆ ఆయాసంతో ఎంతసేపుంటాడు. ఒక్కొక్కటీ అనుకుంటూ నిలబడ్డాడు. నీటి మీద బుడగలు రెండు చోట్ల లేస్తున్నాయి. వాటిలో వెండెల్‌వి ఏవో తెలియదు. సుత్తి కొట్టడానికి ఎంతో బలం అక్కర్లేదు. గట్టు మీద ఇంతమంది ఎదుట తల దించుకోవడానికే కావాలి. నిన్నటిదాకా తప్పంతా వెండెల్‌ది. ఈ సుత్తి కొడితే అది చెరిసగమవుతుంది.

అందుకే కొట్టలేదు. ఇంకే కారణమూ లేదు.

వెండెల్ ఒక్కడే లేచాడు. రేవుకి దూరంగా, బొంగురు చప్పుడుతో, నోటి గొట్టం ఊడిపోయి. వెనకే బడ్ తేలి, చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చాడు. నలుగురు పట్టి మడత కుర్చీలో కూర్చోబెట్టారు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఏటా వాళ్ళతో వచ్చే డార్లీన్ పట్నం ఆసుపత్రిలో నర్సు. అదే అరుపు ఇక్కడా.

"ఆసుపత్రికి పదండి. గుండెకి స్టెంట్లు వేయించుకున్న మనిషి ఇంత లోతు దిగుతాడా? చెప్తే వినరు!"

"కాఫీ ఇవ్వవే తల్లీ, చావలేదుగా," అన్నాడు వెండెల్. "లాగితే గాలి రాలేదు. కడ్డీ కిందికే ఉంది."

అందరూ ఆగారు. బడ్ షెడ్డు వైపు తిరిగాడు. హోబర్ట్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో సుత్తి ఇంకా ఉంది. యంత్రం ఆగిపోయి ఉంది. వినపడలేదని చెప్పుకునే వీలు కూడా లేదు.

"హోబర్ట్ ఎత్తే ఇచ్చాడు," అన్నాడు వెండెల్, ఎవరూ అడగకముందే. "నేనే రేవు దగ్గర స్తంభానికి తగిలించి దించేశాను. ముసలితనం."

చెప్పి, హోబర్ట్ వైపు చూశాడు. నిందించే చూపైతే హోబర్ట్ తట్టుకునేవాడు. పెళ్ళినాడు ఉంగరం చివరికి జేబులో దొరికినప్పటి మొహం అది.

హోబర్ట్ నోరు తెరిచాడు. బడ్ అప్పటికే వెండెల్‌ని తిట్టడం మొదలుపెట్టాడు, జనం నవ్వారు. హోబర్ట్ సుత్తిని కొక్కేనికి తగిలించి లోపలికెళ్ళాడు.

మధ్యాహ్నం అందరూ తిన్నారు. హోబర్ట్ షెడ్డులో రొట్టె ముక్క తెరిచి మళ్ళీ చుట్టేశాడు. ఎండ వాలే దాకా సిలిండర్లు నింపాడు. ప్రతి కడ్డీ ఎత్తి, రెండోసారి తడిమి, అప్పుడు ఇచ్చాడు. వెండెల్ ఆసుపత్రికి పోలేదు. డార్లీన్ చెప్పి చెప్పి విసిగి ఊరుకుంది. గుడారం నీడలో అదే కుర్చీలో, టోపీ మొహం మీదికి లాక్కుని పడుకున్నాడు.

యంత్రం కట్టేశాక హోబర్ట్ రెండు కప్పుల్లో కాఫీ పోశాడు. ఒకదాంట్లో పంచదార ఎక్కువ వేశాడు. వెండెల్ పంచదార ఎంత వేసుకుంటాడో ఆరేళ్ళలో మర్చిపోలేదు, అదే అతనికి చిరాకు. నడిచి వెళ్ళి కుర్చీ పక్కన నిలబడ్డాడు. మొహం చూస్తూ చెప్పలేడు కాబట్టి నీళ్ళ వైపు చూశాడు.

"కడ్డీ నేనెత్తలేదురా," అన్నాడు. "నువ్వు నీళ్ళలోకి దిగగానే తెలిసింది. సుత్తి చేతిలోనే ఉంది. కొట్టలేదు."

వెండెల్ ఏమీ అనలేదు. అనకపోవడం న్యాయమే అనుకుని హోబర్ట్ కాసేపు నిలబడ్డాడు. తర్వాత కప్పు అందించాడు. వెండెల్ చెయ్యి ముందుకి రాలేదు. వాడి మొహం మీది టోపీ ఎత్తాడు.

గుండె అన్నాడు డాక్టరు. ఇవాళ కాకపోతే రేపు పోయేవాడే అన్నాడు. ఆ మాట అందరికీ ఊరటగా ఉంది. కడ్డీ సంగతి ఎవరూ అడగలేదు. చనిపోయినవాడు తన తప్పేనని తనే చెప్పిపోయాడు కదా.

పూడ్చే రోజున హోబర్ట్ టై కట్టుకున్నాడు. చర్చి దాకా ట్రక్కు నడిపాడు, ఆపాడు. గంట కొట్టారు. పెట్టె బయటికొచ్చింది. తలుపు పిడి మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు. జనమంతా వెళ్ళిపోయాక ట్రక్కు వెనక్కి తిప్పాడు.

మరుసటి జులైలో గుడారాలు లేచాయి. హోబర్ట్ సిలిండర్లు నింపి, ఒక్కొక్కరి మొహంలోకి చూసి "పైనుంది" అని గట్టిగా చెప్పాడు. బడ్ తన సిలిండర్ తీసుకుని కదలకుండా నిలబడ్డాడు.

"హోబర్ట్, వాడు స్తంభానికి తగిలించుకోలేదు. నేను పక్కనే ఉన్నాను, చూశాను," అన్నాడు మెల్లగా. "ఏం జరిగిందో నాకొక్కడికి చెప్పు. నేనెవరికీ చెప్పను."

హోబర్ట్ గుడ్డ మడత పెట్టి బల్ల మీద పెట్టాడు.

"చెప్పాల్సినవాడికి చెప్పాను," అన్నాడు. "వాడు వినలేదు. ఇంక ఎవరికీ చెప్పను. నువ్వూ మళ్ళీ అడక్కు."

బడ్ వెళ్ళాడు. యంత్రం మళ్ళీ మొదలైంది. షెడ్డు మూల గోడకి ఆనించి, ఎవరూ తీసుకుపోని పసుపు సిలిండర్ ఉంది. దాని మీద దుమ్ము లేదు. కడ్డీ మాత్రం కిందికే ఉంది.