తోలని కారు

ప్లాస్టిక్ డేరా జిప్పు కిందికి లాగగానే, ఒక్కరోజు కూడా రోడ్డెక్కని ఆ నల్లటి జర్మనీ కారు మూతి నిండా తుప్పు కనిపించింది పోలిరాజుకి.

మొదట నీడేమో అనుకున్నాడు. షెడ్డులో వెలుతురు చాలడం లేదనుకుని సెల్‌ఫోను టార్చి వేశాడు. నీడ కాదు. అద్దంలా మెరవాల్సిన ముందు జాలీ మీద ఎర్రటి పొక్కులు లేచాయి. బ్రేకు డిస్కులు ఇటుక రంగుకి తిరిగాయి. చక్రాల మీద తెల్లటి పొడి పేరుకుంది. వేలు పెడితే పొరలు పొరలుగా రాలింది.

పోలిరాజు కారు తలుపు పిడి పట్టుకుని లాగాడు. కిర్రుమంటూ తెరుచుకుంది. లోపల తోలు సీట్లు బూడిద రంగుకి వెలిసిపోయి బీటలు వారాయి.

వెనక నిలబడిన శివనాగరాజు రెండడుగులు వెనక్కి వేసి ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అతనిది రావులపాలెం. హైదరాబాదులో పాత కార్లు కొని, బాగుచేసి, సరదాగా కార్లు పోగేసే షావుకార్లకి అమ్ముతుంటాడు. ఈ కారు ముందుముందు ఎంత అపురూపమవుతుందో వచ్చి చూసి చెప్పమని పోలిరాజే పిలిపించాడు.

"పోలిరాజుగారండీ, మీకీ వాసన తెలియట్లేదాండీ?"

"ఏం వాసనండీ?"

"బ్లీచింగండీ బాబూ. కళ్ళు మండిపోతున్నాయి నాకు."

"రొయ్యల చెరువుల దగ్గర బ్లీచింగ్ వాసన రాకపోతే మల్లెపూల వాసనొస్తుందేంటండీ?" అని కసిరాడు పోలిరాజు.

ఆ మాట అబద్ధం కాదు. సఖినేటిపల్లి దాటాక ఆ పక్క ఊళ్ళన్నీ చెరువులే. రొయ్యపిల్ల వేసేముందు ప్రతి చెరువులోనూ బస్తాలకి బస్తాలు బ్లీచింగ్ చల్లుతారు. ఆ వాసన చొక్కాల్లో ఉంటుంది, దిండు గలీబుల్లో ఉంటుంది, అన్నం ముద్దలోనూ ఉంటుంది. పోలిరాజు ముక్కు ఆ వాసనకి ఎప్పుడో చచ్చిపోయింది. పొద్దున్న షెడ్డు తలుపు తీసినప్పుడు అది కాస్త ఘాటుగా తగిలినా అతను పట్టించుకోలేదు. గోడకి అవతల బ్లీచింగ్ బస్తాలున్నాయి కదా అనుకున్నాడు.

ఆ షెడ్డు చెరువు గట్టు మీద, ఊళ్ళో ఇళ్ళన్నింటికంటే ఎత్తున ఉంటుంది. గోదావరి ఎంత పొంగినా నీళ్ళు దాని గడప తాకవు. అందుకే కారుని అక్కడ పెట్టాడు. ఈగ కూడా దూరని ప్లాస్టిక్ డేరా తెప్పించాడు. దానికో చిన్న కిటికీ. రోజూ చెరువులు చూసి ఇంటికి వెళ్ళేముందు ఆ కిటికీలోంచి కారుని చూసుకోవడం అతని అలవాటు. ఈమధ్య కిటికీ లోపలివైపు మసకబారింది. బయట ఉక్క కదా, అందుకే అనుకున్నాడు.

పోలిరాజు తండ్రి అంతర్వేదిలో పడవ మీద బతికినవాడు. ఉప్పుగాలికి ఇనుము ఎలా పోతుందో పోలిరాజుకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే అన్ని జాగ్రత్తలు. పన్నెండు సిలిండర్ల పెట్రోలు ఇంజను. ఆ రకానికి అదే ఆఖరుదని, ఇకమీదట వచ్చేవన్నీ బ్యాటరీ బళ్ళేనని అమ్మినవాళ్ళు చెప్పారు. ఇద్దరన్నదమ్ముల ఉమ్మడి కొబ్బరితోట అమ్మి కొన్నాడు. తమ్ముడు అబ్బులు మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. కారు లారీ మీద వచ్చింది. లారీ మీంచి నేరుగా షెడ్డులోకి వెళ్ళింది. నెలకోసారి డేరా తీసి, ఇంజను ఆన్ చేసి, కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వినేవాడు. ఊళ్ళో నవ్వుకున్నారు. ఇరవై ఏళ్ళు ఆగండ్రా, అప్పుడు నవ్వుదురుగాని అనేవాడు పోలిరాజు.

పోయిన వరదల తర్వాత మాత్రం ఆ ఇంజను చప్పుడు ఎవరికీ వినబడలేదు. డేరా జిప్పు మళ్ళీ ఇవాళే తీశాడు.

శివనాగరాజు వంగి కారు లోపల చూశాడు. ముందు అద్దం వెనక, సీట్ల కింద, పెడళ్ళ దగ్గర, ఇంజను మూత ఎత్తితే దాని పక్కన, చిన్న చిన్న గుడ్డ సంచులు. రంగు వెలిసిపోయి, తెల్లగా, పాలిపోయి ఉన్నాయి.

"ఇవేంటండీ?"

"తేమ పీల్చే గుళికలండి. నేనే పెట్టించాను."

శివనాగరాజు ఒక సంచి తీసి నొక్కాడు. కుట్టు ఊడి అరచేతిలో తెల్లటి పిండి పడింది. గబుక్కున విదిలించి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"గుళికలు కాదండీ. బ్లీచింగే. గాలి బయటికి పోని డేరాలో ఇన్ని సంచులు పెడితే ఆ ఘాటు ఎక్కడికి పోతుంది? ఇనుముని, వైర్లని, తోలుని, అన్నిటినీ తినేసింది. ఇది ఉప్పుగాలి చేసిన పని కాదండోయ్. మనిషి చేసిన పని."

పోలిరాజు గిరుక్కున వెనక్కి తిరిగాడు.

షెడ్డు గుమ్మంలో తలపాగా చేతిలో పట్టుకుని యాకోబు నిలబడి ఉన్నాడు. చెరువుల కాపలాదారు. షెడ్డు తాళం అతని మొలతాడుకే ఉంటుంది. గుళికల సంచులు మార్చే పనీ అతనిదే.

"ఏరా! ఏం పెట్టావురా ఇందులో?"

"నేను ఎండబెట్టి తెచ్చినవే పెట్టానండి. గుళికలేనండి. వరదల తర్వాత మీరు మళ్ళీ మార్చమనలేదండి, నేను డేరా ముట్టుకోలేదండి."

"మరి దెయ్యాలొచ్చి పెట్టాయా? తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరేనండి."

"షెడ్డు వదిలి ఎప్పుడెళ్ళావు?"

"ఆదివారం ప్రార్థనకి తప్ప ఎక్కడికీ పోనండి. అప్పుడు తాళం..." యాకోబు ఆగిపోయాడు. అతని చూపు ఒక్క క్షణం బయటికి, చెరువు గట్టు వైపు వెళ్ళింది. తల దించుకున్నాడు. "అప్పుడు మేకుకి తగిలించి వెళ్తానండి."

పోలిరాజు అతని చొక్కా పట్టుకున్నాడు. ఇంకో చేత్తో ఫోను తీసి స్టేషనుకి చేశాడు. తెలిసిన కానిస్టేబులే. పక్క ఊళ్ళోనే ఉన్నాను, వస్తున్నానన్నాడు.

"కేసు పెడతాను. జైల్లో కూర్చో. ఈ గోదారి పక్కన ఏ చెరువు గట్టు మీదా నిన్ను కాలు పెట్టనివ్వను."

"అయ్యా, అరవై దాటినవాడిని. ఈ కాపలా తప్ప నాకింకేం వచ్చండీ? మా అమ్మాయి రెబెకాకి వచ్చే నెల్లో పెళ్ళండి. దొంగ కూతురంటే వాళ్ళు ఒప్పుకుంటారాండీ?"

పోలిరాజు వినలేదు.

అప్పుడు వచ్చాడు అబ్బులు. అన్న అరుపులు గట్టు మీదకి వినబడి ఉంటాయి. అయినా పరిగెత్తుకు రాలేదు. మోకాళ్ళ దాకా బురదతో, మామూలుగా నడిచి వచ్చాడు. డేరాలోకి ఒకసారి చూశాడు. భార్య యామిని పోయిన దగ్గర్నుంచి అతను ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. పొద్దుట వస్తాడు, చెరువు నీళ్ళకి గాలి ఎక్కించే చక్రాలు తిప్పుతాడు, మేత వేస్తాడు, వెళ్ళిపోతాడు.

"చూశావురా తమ్ముడూ, వీడు ఎంత పని చేశాడో? మన తోట పోయిందిరా! రేపటికి మ్యూజియంలో పెట్టాల్సిన కారురా!"

శివనాగరాజు గొంతు సవరించుకున్నాడు. ఈ గొడవలోంచి త్వరగా బయటపడాలని ఉంది అతనికి.

"ఒక మాట చెబితే కోపం రాకూడదండి. తుప్పు లేకపోయినా నేను ఇదే చెప్పేవాడిని. ఇలాంటి కార్లని ఇలాగే కవరేసి దాచినవాళ్ళు నాకు చాలామంది తెలుసండి. అందరూ దాస్తే అది అరుదు ఎలా అవుతుంది? పైగా పాతకాలం బండికైతే సామాను విప్పి మళ్ళీ బిగించొచ్చు. దీని బుర్రంతా కంప్యూటరు. అది ఒకసారి ఆగిపోతే ఇరవై ఏళ్ళ తర్వాత బాగుచేసేవాడు ఎక్కడ దొరుకుతాడండీ? అప్పుడది బొమ్మే."

"తోలని కారండీ ఇది! ఒక్క గీత లేదు!"

"అదే చెబుతున్నానండి. నా దగ్గరకొచ్చేవాళ్ళు మొదట అడిగేది, ఈ బండిలో ఎవరు తిరిగేరు, ఎక్కడికెళ్ళేరు అని. దీని గురించి నేనేం చెప్పనండీ? ఎవరినీ ఎక్కించుకోలేదని చెప్పనా?"

అబ్బులు ఒక్కసారి కళ్ళెత్తి శివనాగరాజుని చూసి, మళ్ళీ నేల చూపులు చూశాడు.

అంతలో సావిత్రి టీ ఫ్లాస్కుతో వచ్చింది. పోలిరాజు భార్య. వచ్చినాయనకి టీ పోద్దామని వచ్చిన మనిషి, యాకోబు చొక్కా పట్టుకున్న మొగుణ్ణి చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏవండీ, వదలండి ముందు. పెద్దవాడండి."

"పెద్దవాడా? ఈ సంచులు పెట్టి నా కారుని చంపేశాడే!"

కింద పడిన సంచిని సావిత్రి వంగి తీసింది. బ్లీచింగ్ దులిపింది. రంగంతా పోయింది కానీ నేత పోలేదు. వెలుతురులో పెట్టి చూసింది. గుడ్డలో మామిడి పిందెలు. అంచు దగ్గర సన్నటి జడల కుట్టు. ఇంకో సంచి తీసింది. అందులోనూ అవే పిందెలు.

ఆవిడ ఫ్లాస్కు నేల మీద పెట్టేసింది.

"ఏవండీ... ఇది యామిని చీరండి."

"ఏ చీర?"

"పచ్చది. వాళ్ళ పెళ్ళిరోజుకి అమలాపురంలో మీరూ నేనూ కలిసి కొన్నామే, అదే. అంచు కుట్టు తనే వేసుకుంది. నాకు చూపించింది కూడా."

బయట చెరువులో గాలి చక్రాలు నీళ్ళని కొడుతున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది. పోలిరాజు చేతిలోంచి యాకోబు చొక్కా జారిపోయింది.

దూరంగా గట్టు మీద కానిస్టేబులు మోటారుసైకిలు మలుపు తిరిగింది.

అబ్బులు యాకోబు ముందుకి వచ్చి, అన్నకీ అతనికీ మధ్య నిలబడ్డాడు.

"నేనే, అన్నయ్యా. యాకోబుని వదిలెయ్. అతనికి తెలిసుంటుంది. ఆదివారం మేకు మీంచి తాళం ఎవరు తీస్తారో అతనికి తెలియకుండా ఉంటుందా? తెలిసీ నా పేరు చెప్పలేదు.

"వరదలప్పుడు ఈ గట్టు మీదే యామినిని కట్లపాము కరిచింది. నేను నీ దగ్గరకి పరిగెత్తుకొచ్చేను, గుర్తుందా? నా బండి ఇంటి దగ్గర నీళ్ళలో మునిగి ఆగిపోయింది. ఇంకో కారు వదిన పుట్టింటికి పట్టుకెళ్ళింది. ఇదొక్కటే ఉంది. ఛార్జరు పెట్టి, పెట్రోలు పోసి, రడీగా ఉంది. అప్పటికింకా రోడ్డు మీద నీళ్ళు చీలమండ దాటలేదు. వెళ్ళిపోయేది. నీ కాళ్ళు పట్టుకున్నాను. నువ్వేమన్నావు? 'మురికినీళ్ళు అడుగున తగిలితే కారు పనికిరాదురా, అంబులెన్సు వచ్చేస్తోందంట, కాస్త ఆగు' అన్నావు. ఆగేను. పెద్దవాడివి, నీ మాట ఎప్పుడు కాదన్నాను? తోటకి సంతకం పెట్టమంటే పెట్టేను. ఆగమంటే ఆగేను. అంబులెన్సు వచ్చేసరికి కాలవ పొంగిపోయి, అది అవతలే ఉండిపోయింది. అప్పుడు ఆవిణ్ణి వీపు మీద వేసుకుని నీళ్ళలో దిగినవాడు యాకోబు. నాకు కాళ్ళు ఆడలేదు. అతని వీపు మీదే పోయింది. అతన్నా నువ్వు జైలుకి పంపేది?

"నీళ్ళు తీసేక ఇక్కడికొచ్చి కిటికీలోంచి చూసేను. తళతళా మెరిసిపోతోంది. ఒక్క చుక్క తడవలేదు. సుత్తి తేవచ్చు, నిప్పు పెట్టొచ్చు. అలా చేస్తే నీకు ఒక్కరోజే ఏడుపు. కాస్త కాస్త పోవాలనుకున్నాను, ఆవిడ ఒళ్ళు చచ్చుబడ్డట్టు. నీ ముక్కుకి తెలీదని నాకు తెలుసు, ఎందుకంటే నా ముక్కుకీ తెలీదు.

"కానీ దాచలేదన్నయ్యా. ఆ సంచులు పచ్చగా ఉన్నప్పుడే పెట్టేను, కిటికీకి ఎదురుగా, అద్దం దగ్గర. నువ్వు రోజూ వచ్చి చూసేవాడివి. ఒక్కరోజు, ఒక్కసారి 'ఇది యామిని చీర కదరా' అనుంటే ఆ పూటే అన్నీ తీసి చెరువులో పారేసేవాణ్ణి. నువ్వు కారునే చూసేవు. రంగు పోయేదాకా చూసేవు.

"కానిస్టేబులు వచ్చేడు. నేనే చెబుతాను, నువ్వు కష్టపడక్కర్లేదు. తాళం నేనే తీసేను. సంచులు నేనే నింపేను. కుట్టింది కూడా నేనే. ఆవిడ మిషను మీదే."