ఈత లేని డిగ్రీ

యూనివర్సిటీలన్నీ ఒకటే అనుకునేవాళ్ళు తక్కెడమ్మ గదిలోకి ఒక్కసారి వెళ్ళి రావాలి. డిగ్రీ చంకలో పెట్టుకుని ధీమాగా లోపలికి వెళ్ళిన మనిషి, బయటికొచ్చేటప్పుడు తను అసలు చదువుకున్నాడా లేదా అని తనే అనుమానపడతాడు.

తక్కెడమ్మ అసలు పేరు తలుపు మీద బోర్డులో ఉంది గానీ, అక్కడ నిలబడి తీరుబడిగా చదివే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడ పని తూకం వెయ్యడం. బయట చదివినవాళ్ళు ఈ ఎర్రభవనాల యూనివర్సిటీలో పైచదువుకు చేరాలంటే, వాళ్ళ చదువు ఇక్కడి చదువుతో సమానమని ఆవిడ ముద్ర వెయ్యాలి. అదేమన్నా చిన్న పనా? ఒకచోట ముప్పై అయిదు మార్కులొస్తే పాసు, ఇంకోచోట నలభై తొమ్మిదొచ్చినా ఫెయిలు. ఒకచోట క్లాసుకు రాకపోతే పరీక్ష రాయనివ్వరు, ఇంకోచోట క్లాసుకొస్తే పాఠం చెప్పేవాడే ఉలిక్కిపడతాడు. ఒకచోట పుస్తకం చూసి రాయొచ్చు, ఇంకోచోట పక్కవాడి మొహం చూసినా గెంటేస్తారు. ఇన్ని రకాల సరుకునూ ఒకే తక్కెడలో వేసి, ఆవిడ రెండే ముక్కల్లో తేల్చేసేది. "సమానం కాదు."

దానికి కారణం ఈత. ఎర్ర యూనివర్సిటీలో కవిత్వం చదివినా, లెక్కలు చదివినా, ఈత పరీక్ష గట్టెక్కితే తప్ప పట్టా చేతికి రాదు. కొలను ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఈదాలి. మునిగేవాళ్ళను ఒడ్డుకు చేర్చాలి. చదువుకున్నవాళ్ళు నీళ్ళలో పడి చావడం తనకు ఇష్టం లేదని యూనివర్సిటీ పెట్టిన పెద్దాయన రాసిపెట్టి మరీ పోయాడు. మిగతా యూనివర్సిటీలు పెట్టినవాళ్ళకు ఈ బెంగ లేదు పాపం.

మొన్నటికి మొన్న కొండల్లోంచి ఒక చరిత్ర మాస్టారు వచ్చాడు. నలభై దాటిన మనిషి, పరిశోధన చేద్దామని సెలవు పెట్టి మరీ వచ్చాడు.

"మా దగ్గర ఈత లేదు మేడమ్. ఈదడానికి నీళ్ళే లేవు. ఒక వాగుంది, అదీ మోకాలి లోతే," అన్నాడు.

"వాగు సమానం కాదు," అంది తక్కెడమ్మ.

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. తక్కెడమ్మకు జాలి కలగలేదని కాదు, కలిగింది. కానీ జాలికి ముద్ర లేదు కదా.

ఆవిడకు ఇంత పట్టుదల ఎక్కడిదంటే, ఆవిడ కూడా ఇక్కడే చదివింది, ఆ పరీక్షలో ఫస్టొచ్చింది. అది కూడా ఎలా వచ్చిందో చెప్పాలి. ఆ ఏడాది కొలను అడుగు పగిలి నీళ్ళన్నీ పోయాయి. పరీక్షల వేళ ముంచుకొచ్చింది. కొలను ఎండిపోయిందని పట్టాలు ఆపుతారా? పెద్దలంతా కూర్చుని బుర్రలు బద్దలు కొట్టుకుని ఒక దారి కనిపెట్టారు. వ్యాయామశాలలో బల్లలు వరసగా వేసి, పిల్లల్ని వాటి మీద బోర్లా పడుకోబెట్టి, ఈదమన్నారు. పరీక్ష పెట్టే ఆయన ఈల ఊదుతూ బల్లల మధ్య తిరిగాడు. ఊపు ఆపుకోలేక ఒకబ్బాయి బల్ల మీంచి దొర్లి కింద పడితే, మునిగిపోయాడని ఫెయిల్ చేశారు. పక్క బల్ల మీదున్న తక్కెడమ్మ చెయ్యందించి వాణ్ణి పైకి లాగి, మనుషుల్ని కాపాడే భాగంలో కూడా పూర్తి మార్కులు కొట్టేసింది.

అందుకని ఆవిడ దృష్టిలో ఆవిడకు ఈత వచ్చు. యూనివర్సిటీ సీలు వేసి మరీ చెప్పింది. ఇప్పటిదాకా నీళ్ళతో పని పడలేదు, అంతే.

రోడ్డుకు అటువైపు తెల్లభవనాల యూనివర్సిటీ ఉంది. అక్కడ ఇదే కుర్చీలో కూర్చునేది ఎవరో కాదు, తక్కెడమ్మ తమ్ముడి భార్య. అక్కడ డిగ్రీ నాలుగేళ్ళు. ఇక్కడ మూడేళ్ళే. తక్కెడమ్మ "ఈత లేదు" అని అటువాళ్ళను తిప్పి పంపితే, మరదలు "ఏడాది తక్కువ" అని ఇటువాళ్ళను తిప్పి పంపేది. ఆదివారం అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోజనం చేసేటప్పుడు మాత్రం ఈ ఊసు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. తమ్ముడికి తిన్నది ఒంటబట్టాలంటే అదొక్కటే మార్గం.

ఒక ఆదివారం ఆ ఊసు ఎత్తింది మేనకోడలు. ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు. మనిషి అంతే ఉంటుంది, నోరు మాత్రం అంతలో ఆగదు. తల్లి పనిచేసే యూనివర్సిటీలోనే నాలుగేళ్ళు చదివింది. దానికి చిన్నప్పట్నుంచీ సాలెపురుగుల పిచ్చి. సాలెపురుగుల మీద పరిశోధన చేయించే ప్రొఫెసర్ ఆ చుట్టుపక్కల మొత్తానికి ఒక్కరే ఉన్నారు, అదీ ఎర్ర యూనివర్సిటీలో. ఆ ప్రొఫెసర్ పిచ్చుకను ఎంచుకున్నారు. నెలాఖరులోగా సమానమనే ముద్ర తెస్తే సీటు, లేకపోతే తర్వాతివాళ్ళకు.

"అత్తా, ముద్ర ఎప్పుడేస్తావ్?" అంది పిచ్చుక, మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా.

తమ్ముడు నోటి దాకా తెచ్చిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

"ఈత లేదుగా తల్లీ," అంది తక్కెడమ్మ. ఆ పిల్లను ఎత్తుకుని తిరిగిన మనిషి. అది అగ్గిపెట్టెలో సాలెపురుగును పెట్టుకుని తిరిగితే, ఇంట్లో అందరూ కేకలేసినా వెనకేసుకొచ్చింది తనే. "మేనకోడలికి ఒక రూలు, ఊళ్ళోవాళ్ళకు ఒక రూలు అంటే రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"చూశారా, నే చెప్తూనే ఉన్నా," అంది మరదలు మొగుడితో. వదిన వినాలనే అంది.

"నేనేమన్నా ఊరికే వెయ్యమన్నానా? పరీక్ష పెట్టు. పన్నెండో నిబంధన," అంది పిచ్చుక.

తక్కెడమ్మ గుండెల్లో రాయి పడింది. ఆ నిబంధన రాసింది తనే. ఈత లేని డిగ్రీతో వచ్చినవాళ్ళు కోరితే, విభాగాధిపతి, అంటే తనే, స్వయంగా కొలనులో దిగి, దగ్గరుండి పరీక్ష పెట్టాలి. ఆ 'స్వయంగా కొలనులో దిగి' అన్న ముక్క, వినడానికి గంభీరంగా ఉంటుందని చేర్చింది. ఈత అన్న మాట వినగానే అందరూ కాళ్ళకు బుద్ధి చెప్పేవాళ్ళే గానీ, పన్నెండో నిబంధన దాకా చదివిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. పుట్టింది తన ఇంట్లోనే అని ఆవిడకేం తెలుసు?

"నీకు ఈత రాదుగా?"

"నేర్చుకుంటున్నా. సాలెపురుగుల్లో కూడా నీళ్ళ మీద నడిచేవి ఉన్నాయత్తా. నేను కనీసం తేలలేనా?"

పరీక్ష రోజు ఎర్ర యూనివర్సిటీ కొలను దగ్గర ముగ్గురే ఉన్నారు. పిచ్చుక, తక్కెడమ్మ, మెడలో ఈల వేసుకున్న ఈత కోచ్. పైన మెట్ల గ్యాలరీలో నాలుగో మనిషి ఉన్న సంగతి తక్కెడమ్మ చూసుకోలేదు. చూసుకునే స్థితిలో లేదు. ఈతబట్టల మీద పెద్ద తువ్వాలు చుట్టుకుని, నిబంధనల పుస్తకం పట్టుకున్నంత గట్టిగా దాన్ని పట్టుకుంది. నీళ్ళు నీలంగా, క్లోరిన్ వాసనతో, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి.

"మేడమ్, మీకు ఈత వచ్చు కదా?" అన్నాడు కోచ్.

"ఫస్టొచ్చాను," అంది తక్కెడమ్మ.

అది అబద్ధం కాదు. అయినా మెట్టు మెట్టూ దిగుతుంటే ఆవిడకు జీవితంలో మొదటిసారి ఒక చిన్న సందేహం వచ్చింది. బల్ల మీద ఈదినప్పుడు కింద బల్ల ఉంది. ఇక్కడేం ఉంది? ఆలోచనను అక్కడితో ఆపేసి, నడుముల్లోతులో కమ్మీ పట్టుకుని నిలబడి, "మొదలుపెట్టు," అంది.

పిచ్చుక ఈదింది. అందంగా ఏం ఈదలేదు. నీళ్ళతో దెబ్బలాడుతున్నట్టు ఈదింది. కానీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెళ్ళి, తిరిగి అత్త దగ్గరికొచ్చి ఆగింది. తక్కెడమ్మకు కళ్ళు చెమర్చాయి. పిచ్చుక చిమ్మిన నీళ్ళలో అది ఎవరికీ తెలియలేదు.

"ఇంక కాపాడే భాగం. రబ్బరు బొమ్మ తెస్తా ఉండండి," అని కోచ్ సామాన్ల గదిలోకి వెళ్ళాడు.

"చెయ్యి అలా కాదే, మోచెయ్యి పైకి రావాలి," అంటూ తక్కెడమ్మ కమ్మీ వదిలి చూపించబోయింది. కొలను అడుగు అక్కడి నుంచి వాలుగా ఉంటుంది. ఆ సంగతి నీళ్ళలో పరీక్ష రాసినవాళ్ళందరికీ తెలుసు. కాలు జారింది.

ఆవిడ నేర్చుకున్నదేదీ మరిచిపోలేదు. చేతులు లెక్క ప్రకారం ఆడాయి. కాళ్ళు లెక్క ప్రకారం ఆడాయి. మోచెయ్యి సరిగ్గా పైకే వచ్చింది. పరీక్ష పెట్టిన ఆ ఈలాయన ఉంటే మళ్ళీ ఫస్టిచ్చేవాడు. అన్నీ పద్ధతిగా చేస్తూనే ఆవిడ నిటారుగా కిందికి పోయింది.

పిచ్చుకంత పిల్ల ఆవిడ చంకల కింద చెయ్యేసి, ఎత్తి, లాగి, తిట్టి, మెట్ల మీద కూర్చోబెట్టింది. తక్కెడమ్మ దగ్గి, దగ్గి, చివరికి తేరుకుని అన్న మొదటి మాట, "బల్ల లేదే."

కోచ్ బొమ్మను భుజాన వేసుకుని వచ్చాడు. మెట్ల మీది దృశ్యం చూసి, బొమ్మను చూసి, దాన్ని మెల్లగా గోడకు ఆనించాడు.

"పాస్," అంది తక్కెడమ్మ.

"రూలు ప్రకారం బొమ్మతో చెయ్యాలత్తా," అంది పిచ్చుక.

"నోర్ముయ్. బొమ్మ కంటే నేనే బరువు."

అంతలో గ్యాలరీ మీంచి టకటకా చెప్పుల చప్పుడు. మరదలు! తక్కెడమ్మకు ఉన్న ప్రాణం కూడా పోయినట్టయింది. నీళ్ళలో మునిగినప్పుడు కలగని సిగ్గు అప్పుడు ముంచేసింది. మరదలు పొడి తువ్వాలు తెచ్చి భుజాల చుట్టూ కప్పింది. తల తుడిచింది. వణుకు తగ్గేదాకా పక్కనే కూర్చుంది. ఆ తర్వాత అంది.

"వదినా, మీ డిగ్రీలో ఒక ఏడాదే తక్కువనుకున్నా ఇన్నాళ్ళూ. నీళ్ళు కూడా తక్కువన్నమాట."

కోచ్ ఈల సర్దుకున్నాడు. తక్కెడమ్మ మరదలి వంక చూసింది, కోపం తెచ్చుకుందామని గట్టి ప్రయత్నమే చేసింది. నవ్వొచ్చింది. నవ్వితే ముక్కులోంచి నీళ్ళొచ్చాయి. మరదలు మళ్ళీ తుడిచింది.

పిచ్చుక కాగితం మీద ముద్ర ఆ సాయంత్రమే పడింది. ముద్ర వేస్తుంటే తక్కెడమ్మకు కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయిన చరిత్ర మాస్టారు కళ్ళ ముందు నిలబడ్డాడు. ఆయన తనకు ఈత రాదని ఒప్పుకున్నాడు. తను అదైనా చెయ్యలేదు. మోకాలి లోతు వాగులో ఆయన కాలన్నా తడిసింది కదా అనుకుంది.

మర్నాడు పదమూడో నిబంధన రాసి పెద్దల ముందు పెట్టింది. ఈత లేని డిగ్రీతో వచ్చినవాళ్ళను ముందు చేర్చుకోవాలి, ఈత చేరాక నేర్పాలి. 'స్వయంగా' అన్న మాట ఈసారి ఎక్కడా లేకుండా చూసుకుంది. అది ఒప్పించడానికి తల ప్రాణం తోకకొచ్చింది గానీ, ఒప్పించింది.

కబురందుకుని చరిత్ర మాస్టారు వచ్చి చేరాడు. మొదటి ఈత పాఠానికి తువ్వాలు చంకలో పెట్టుకుని భయం భయంగా కొలను దగ్గరికొచ్చాడు. లోతు తక్కువ వైపు, చిన్నపిల్లలు పట్టుకునే తేలుడుబల్ల ఒకటి రెండు చేతులా పట్టుకుని, మూతి బిగించి, కాళ్ళు తపతపా కొట్టుకుంటూ ఒక పెద్దావిడ వస్తోంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మేడమ్! మీరా?"

"దిగండి మాస్టారూ," అంది తక్కెడమ్మ, ఆయాసపడుతూ. "ఇక్కడ మీరూ నేనూ సమానం."

ఆయన దిగాడు. నీళ్ళు మోకాళ్ళు దాటి నడుము దాకా రాగానే ఆగిపోయి, "ఆ మాట మీద కూడా ముద్ర వేసిస్తారా మేడమ్?" అన్నాడు.

"ముందు తేలండి," అంది తక్కెడమ్మ, బల్ల రెండో అంచు ఆయన వైపు తోస్తూ.