టిక్కుమందా?

మధ్యాహ్నం పన్నెండింటికి హార్డ్‌వేర్ షాపు కౌంటరు ముందు నిలబడ్డ అల్లుడికి, నాలుగింటికి మామగారు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేస్తారన్న సంగతి తప్ప మరేమీ తలకెక్కడం లేదు. ఆలోపు బాత్రూమ్ గోడకి, పట్టుకుని లేచే కడ్డీ ఒకటి బిగించాలి. బిగించడానికి స్క్రూడ్రైవర్ కావాలి. ఇంతే పని. ఇంత పనికి అతను ముక్కాలు గంట నుంచి షాపావిడ ప్రాణం తోడేస్తున్నాడు.

అతన్ని మనమూ అల్లుడనే అందాం, ఆ ఇంట్లో అతని హోదా అదే. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఇతరుల తప్పులు ఏరడంలో అతనిది గద్ద చూపు. చేతిపని దగ్గరికొస్తే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు. పొద్దున్న డ్రిల్లు పెట్టే మనిషి వచ్చి గోడకి బెజ్జాలు వేసి, వాటిలో స్క్రూని పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గులు దిగ్గొట్టి, "స్క్రూలు కూడా బిగించెయ్యమంటారా?" అని మర్యాదగా అడిగాడు. "వద్దు, నేను బిగిస్తా" అన్నాడు ఈ మహానుభావుడు. భార్య నెత్తి కొట్టుకుంది. వాళ్ళూ వీళ్ళూ ఎలా బిగిస్తారో ఏమిటో, ఈసారి ప్రతి స్క్రూ తన చేత్తో బిగిస్తే తప్ప నిద్రపట్టదని అతని బాధ.

ఈసారి అనడానికి కారణముంది. ఇరవై రెండు రోజుల కింద మామగారు ఆ బాత్రూమ్‌లోనే పడ్డారు. తుంటి ఎముక విరిగింది. పక్కనే తువ్వాలు కడ్డీ కూడా ఊడి పడి ఉంది. పడ్డ క్షణం ఆయనకి గుర్తు లేదు. కాలు జారిందనీ, పడుతూ పడుతూ కడ్డీ పట్టుకున్నారనీ, అదీ ఊడొచ్చిందనీ ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఆయనా అదే అనుకున్నారు. ఆపరేషన్ బాగా జరిగింది, ఎముక అతుక్కుంటోంది. మనిషే అతుక్కోవడం లేదు. ఎన్నిసార్లు నిలబెట్టబోయినా మంచం పట్టె వదలరు. "నా కాళ్ళే నన్ను దగా చేశాయమ్మా. ఇక వాటిని నమ్మను" అంటారు కూతురితో. ఈ నెలలో నడక మొదలుపెట్టకపోతే ఆ తర్వాత నడిపించడం మా వల్ల కాదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. అందుకే ఈ కడ్డీ.

ఆ ఊడిన తువ్వాలు కడ్డీని నాలుగు నెలల కింద బిగించింది అల్లుడే. ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడల్లా అతనికి అనిపించేది.

"ఇది ముప్పై రెండు బిట్లది, ఇది పన్నెండు, ఇది ఆరు," షాపావిడ మూడోసారి చెప్పింది.

"ముప్పై రెండున్నది తీసుకుంటే ఏ స్క్రూకైనా సరిపోతుంది కదండీ?"

"సరిపోతుంది. మీ ఇంట్లో ముప్పై రెండు రకాల స్క్రూలున్నాయా?"

"లేవు. ఉంటేనో?"

ఆవిడ ఓ క్షణం అతని మొహంలోకి చూసింది. ఎగతాళి చేద్దామనుకుని, ఆ కంగారు చూసి మానుకున్నట్టుంది. ఆరు బిట్లది తీసి, పిడి వెనక మూత తిప్పి, లోపల వరసగా ఉన్న బిట్లు, ముందు గుచ్చుకునే ఉక్కు మొనలు, చూపించింది. ప్లస్ బిట్టు ఒకటి ముందు గుచ్చి, దాని అయస్కాంతపు కొసకి ఒక స్క్రూ అంటించి అడ్డంగా పట్టుకుంది. స్క్రూ పడలేదు, వేలాడలేదు. ముప్పై రెండు బిట్లదానితోనూ అలాగే చేసింది. బిట్టు కదిలింది, స్క్రూ తల వాల్చేసింది.

"బిట్టు ఇలా లొడలొడలాడితే స్క్రూ తల అరిగిపోతుంది. ఇంటికి ఈ ఆరూ చాలు. పిడి పట్టుకుని చూడండి, అరచేతికి ఆనాలి."

అరచేతికి ఆనింది. బాగుంది. కానీ అసలు అడగాల్సింది అడగలేదని అతనికి గుర్తొచ్చింది.

"వీటిల్లో టిక్కు దేనికి గట్టిగా వినిపిస్తుంది?"

"టిక్కేమిటి?"

"అదేనండీ. బిగిశాక వస్తుందే, ఆ టిక్కు."

ఇక్కడ ఆ ఇంటి సంగతి చెప్పాలి. మామగారు ముప్పై ఏళ్ళు లిఫ్టు మెకానిక్కు. ఆయన దగ్గర చెయ్యంత పొడుగు రెంచి ఒకటుండేది. బోల్టు చాలినంత బిగియగానే అది టిక్కుమనేది. ఆ టిక్కు వినకుండా ఆయన ఏ లిఫ్టునీ కదలనిచ్చేవారు కాదు. రిటైరయ్యాక రెంచి కంపెనీకి ఇచ్చేశారు గానీ, టిక్కుని మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. కుక్కర్ మూత పెట్టినా, తలుపు గొళ్ళెం వేసినా, నీళ్ళ సీసా మూత తిప్పినా, కుర్చీలోంచి కేక వినిపించాల్సిందే: "టిక్కుమందా?" "టిక్కుమంది నాన్నా" అని కూతురు. పదకొండేళ్ళుగా అల్లుడు కూడా. ఆ ఇంట్లో టిక్కుమంటే బిగిసినట్టు, టిక్కుమనకపోతే కొంప మునిగినట్టు.

షాపావిడకి ఇవేవీ తెలియవు. కౌంటరు మీదున్న చెక్కముక్కలో సగం దిగిన స్క్రూ ఒకటుంది. స్క్రూడ్రైవర్ మెడ దగ్గర రింగుని ఎడమ పక్కకి జరిపి, ఆ స్క్రూ మీద పెట్టి కుడివైపు తిప్పింది. టిక్ టిక్ టిక్.

"వినిపించిందా? ఇప్పుడు స్క్రూ చూడండి. కదిలిందా?"

కదల్లేదు.

"ఇది రాచెట్, ఒకవైపే పట్టి తిప్పే రకం. దీనికి టిక్కుమంటే పని జరగట్లేదని. పిడి ఖాళీగా తిరుగుతోందని. ఈ రింగు కుడికి ఉంటే బిగిస్తుంది, ఎడమకి ఉంటే ఊడదీస్తుంది. ఎడమకి పెట్టి కుడివైపు ఎంత తిప్పినా టిక్కులే వస్తాయి, స్క్రూ మాత్రం అంగుళం దిగదు. మధ్యలో పెడితే టిక్కే ఉండదు. చివరి బిగింపు అలాగే బిగించాలి, చేతికి తెలుస్తుంది."

అల్లుడికి నాలుగు నెలల కిందటి ఆదివారం కళ్ళముందు నిలబడింది. ప్రెస్సులో బైండరు దగ్గర అడిగి తెచ్చిన రాచెట్ స్క్రూడ్రైవర్. దాని రింగు ఎటుందో చూడనే లేదు. స్క్రూలు వేళ్ళతో నాలుగు చుట్లు తిప్పి నిలబెట్టడం, పైన బిట్టు పెట్టి కుడివైపు తిప్పడం, తిప్పగానే టిక్ టిక్. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంత సులువా అని తనకి తానే మురిసిపోయి, బాత్రూమ్‌లోంచి "టిక్కుమంది మామయ్యా" అని అరవడం. కుర్చీలోంచి ఆయన "శభాష్" అనడం.

"ఏమైందండీ? మంచినీళ్ళు తాగుతారా?" అంది షాపావిడ.

"ఈ ఆరు బిట్లది ఇవ్వండి," అన్నాడు.

ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా బాత్రూమ్‌లో దూరాడు. పాత కడ్డీ ఊడిన చోట గోడకి నాలుగు ప్లగ్గులూ చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఇరవై రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాడు, ఒక్కసారీ బుర్రకెక్కలేదు. పడే మనిషి బరువుకి బిగిసిన కడ్డీ ఊడితే, ప్లగ్గులు ఊడాలి, గోడ పెచ్చులు రాలాలి. ఏమీ రాలలేదు. అటకమీది డబ్బాలోంచి ఆ పాత స్క్రూలు తీసి చూశాడు. కొసన కాస్త తప్ప మరలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి, ప్లగ్గులోకి దిగింది ఆ కొస ఒక్కటే. కాలు జారి కడ్డీ ఊడలేదు. తువ్వాలు తీసుకుంటూ దాని మీద కాస్త ఆనుకున్నారు, అది ఊడింది, ఆయన పడ్డారు. పెద్దాయన తుంటి విరగ్గొట్టింది తనే.

భార్యకి చెప్పేశాడు. ఆమె తలుపు చట్రం పట్టుకుని, గోడకున్న ఆ నాలుగు ప్లగ్గుల్నీ చూసింది.

"నాన్నకి చెప్పకండి," అంది. "ఇప్పుడే ఇంటికొస్తున్నారు. కాళ్ళ మీద నమ్మకం ఎలాగూ పోయింది. మీ మీద కూడా పోతే ఈ కడ్డీ ముట్టుకుంటారా? ముట్టుకోకపోతే లేస్తారా?"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు. రింగుని కుడికి జరిపి, ఒకటికి పదిసార్లు చూసుకుని, కొత్త కడ్డీకి ఆరు స్క్రూలూ దింపాడు. తర్వాత రింగుని మధ్యలో పెట్టి, మణికట్టు నొప్పెట్టేదాకా బిగించాడు. ఏ శబ్దమూ రాలేదు. శబ్దం రాకపోవడం అలవాటు లేక, మళ్ళీ మొదటి స్క్రూ నుంచి మొదలుపెట్టాడు. మూడున్నరకి చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

నాలుగూ పదికి మామగారు చక్రాల కుర్చీలో వచ్చారు. సగమైపోయారు. చెంపలు లోపలికి పోయాయి. కూతురు కుర్చీని బాత్రూమ్ గుమ్మం దాకా తోసి, "చూడు నాన్నా, నీకోసం" అంది, లేని హుషారు తెచ్చుకుని. ఆయన కడ్డీని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. చెయ్యి ఎత్తలేదు.

"ఎవరు బిగించారు?"

"నేనే మామయ్యా."

"టిక్కుమందా?"

కూతురు భర్త వైపు చూసింది. టిక్కుమందన్న మాట పదకొండేళ్ళ అలవాటుకి అతని నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"లేదు మామయ్యా. టిక్కుమనకూడదుట. టిక్కుమంటే బిగియనట్టుట. ఇవాళే తెలిసింది." అక్కడితో ఆగుదామనుకున్నాడు, ఆగలేకపోయాడు. "ఆ తువ్వాలు కడ్డీ... అది టిక్కుమంది."

మామగారు తల తిప్పి అతన్ని చూశారు. అల్లుడు మొత్తం చెప్పేశాడు, రింగు సంగతి, వేళ్ళతో తిప్పిన నాలుగు చుట్లు, తను కేకేసి చెప్పిన అబద్ధపు టిక్కు. చెబుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి సిగ్గేసి తుడుచుకోలేదు.

"ప్లగ్గులు ఊడాయా?" పెద్దాయన గొంతు మెకానిక్కుది.

"లేదు. గోడలోనే ఉన్నాయి."

"పెచ్చు రాలిందా?"

"లేదు."

"ఆ స్క్రూలు ఉంచావా?"

జేబులోంచి తీసి ఇచ్చాడు. మామగారు ఒక్కోటీ వెలుతురుకి పట్టి, వేలిగోటితో మరలు తడిమి చూశారు. నాలుగోది కూడా చూశాక, అన్నిటినీ కలిపి పిడికిట్లో మూసుకున్నారు.

"అయితే నా కాలు జారలేదన్నమాట," అన్నారు మెల్లగా.

"లేదు మామయ్యా. తప్పంతా నాది."

"నువ్వుండవయ్యా. నిన్ను తర్వాత తీరిగ్గా తిడతాను." రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. "ఇరవై రెండు రోజులు... వీటి పని అయిపోయిందనుకున్నాను. నా పనీ అయిపోయిందనుకున్నాను. పాపం, అనరాని మాటలన్నాను వీటిని."

కూతురు మొహం పక్కకి తిప్పుకుంది.

"మా పనిలో లిఫ్టు బాగుచేసినవాడే ముందెక్కుతాడు," అన్నారు ఆయన. "ఎక్కు."

అల్లుడు రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, మోకాళ్ళు ముడిచి, పాదాలు నేల మీంచి ఎత్తేశాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మామగారు పైకి ఇరవై లెక్కపెట్టారు. కడ్డీ వెంట్రుకవాసి కదల్లేదు.

"ఇక దిగు. నా వంతు."

ఆయన కుర్చీని గుమ్మం దాటించుకుని, కుడిచెయ్యి కడ్డీ మీద వేశారు. పాదాలు నేలకి ఆనించి, చూసుకుని, మళ్ళీ ఆనించారు. అల్లుడు పట్టుకోబోతే కళ్ళతోనే ఆపారు. లేచారు. మోకాళ్ళు వణికాయి, పట్టు తప్పలేదు. కాసేపటికి వణుకు తగ్గింది. కడ్డీ మీద బిగుసుకున్న వేళ్ళు ఒక్కొక్కటే సడలించి, దాని మీద చెయ్యి ఊరికే వేసి ఉంచారు.

"స్నానానికి నీళ్ళు పెట్టమ్మా," అన్నారు గోడవైపు తిరిగే. "తువ్వాలు మాత్రం చేతికే ఇవ్వు."